కుందలహళ్ళి పెళ్ళికి నేనూ, నా గురక మిషనూ

నగర్తపేట నుంచి కుందలహళ్ళి ఎంత దూరమని అడిగితే బెంగళూరులో ఎవరూ కిలోమీటర్లు చెప్పరు, గంటలు చెప్తారు. ఆటోలో రెండున్నర, మెట్రోలో రెండుకు పావు తక్కువ. ఒకే ఊళ్ళో ప్రయాణమే అయినా నాకది యాత్రే, ఎందుకంటే ఇంటి బయట ఒక రాత్రి పడుకుని నాలుగేళ్ళయింది. నాలాగా ముక్కుకు గొట్టం పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు ఊరు కదలాలంటే ఏమేం కావాలో కూడా ఇందులో రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట మా మరిది కొడుకు పెళ్ళిలో, రిసెప్షన్ అయ్యాక ఆడవాళ్ళమంతా హాల్లో జంఖానాలు పరుచుకుని వరసగా పడుకున్నాం. తెల్లారి కళ్ళు తెరిస్తే అంత పెద్ద హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. తక్కినవాళ్ళంతా దిండ్లు పట్టుకుని భోజనాల గదిలోకి పోయి, బెంచీల మధ్య సర్దుకుని పడుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా కాఫీ ముందు నాకే ఇచ్చారు. తిట్టినా బాగుండేది, ఆ మర్యాదకే నాకు ప్రాణం పోయింది. అప్పటి నుంచి ఎవరి పెళ్ళయినా భోంచేసి ఆటో ఎక్కి ఇంటికొచ్చేసేదాన్ని.

మాది జరీ లేసుల దుకాణం. పోయిన ఏడాది లేసు కొలుస్తూ కొలుస్తూ కత్తెర చేతిలో ఉండగానే నిద్రపోయాను. కొనడానికి వచ్చిన ఆమె భయపడి మా ఆయన్ని కేకేసింది. ఆయన ఇక నా మాట వినకుండా డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. ఒక రాత్రి మా ఇంట్లోనే ఒంటినిండా వైర్లు తగిలించి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి నాకు ఊపిరి ఆగిపోతోందట, మెదడు ఉలిక్కిపడి లేపుతోందట, మళ్ళీ ఆగుతోందట. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పడుకునేటప్పుడు ముక్కుకు మాస్కు తగిలించుకుంటే గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే చిన్న మిషను ఇచ్చారు, సీప్యాప్ అంటారు.

మొదటి పది రోజులు నరకం. నిద్రలో నేనే మాస్కు పీకి విసిరేసేదాన్ని. నోరు ఎండిపోయేది, ముక్కు మీద వాత తేలేది. మూడు మాస్కులు మార్చాక నా మొహానికి ఒకటి కుదిరింది. రెండో నెలలో ఒక పొద్దున తలనొప్పి లేకుండా లేచాను. పెళ్ళయిన కొత్తలో తప్ప నాకు అంత తేలిగ్గా తెల్లవారిన గుర్తు లేదు. మా ఆయన మాత్రం, “ఇల్లంతా చప్పుడు లేకుండా ఇంత సుమ్మనె ఉంటే నాకు నిద్ర పడతా లేదు” అని దెప్పుతాడు.

ఇంతా చేసి నేనొక వెధవ పని చేశాను. మిషను ఎందుకని అడిగిన బంధువులందరికీ ఆస్తమా అని చెప్పాను. ఆస్తమా అంటే అయ్యో అంటారు, గురక అంటే కిసుక్కున నవ్వుతారు. యాభై రెండేళ్ళ ఆడదాన్ని, ఆ మాట నోటితో అనడానికి నామోషీ.

ఇప్పుడు మా తమ్ముడు సీనప్ప కూతురు హర్షిత పెళ్ళి. పిల్ల ఉద్యోగం, పెళ్ళికొడుకు ఉద్యోగం రెండూ కుందలహళ్ళిలోనే, కాబట్టి కల్యాణ మంటపం కూడా అక్కడే తీసుకున్నారు. ముహూర్తం శుక్రవారం పొద్దున ఏడుంబావు. తెల్లవారుజామున పెళ్ళికూతురి తలకు నూనె పెట్టి, మంగళస్నానం చేయించి, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ వేయడం మా ఇళ్ళలో మేనత్త పని. హర్షితకు ఉన్న ఒకే ఒక్క సొంత మేనత్తను నేను. ఆ రాత్రి అక్కడ పడుకుని తీరాలి.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరాను. ఒక సంచిలో పట్టుచీరలు, ఇంకో సంచిలో మిషను, గొట్టం, మాస్కు, అడాప్టరు, లీటరు డిస్టిల్డ్ వాటర్, అయిదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఈ బోర్డు మర్చిపోకండి, మంటపాల్లో ప్లగ్గులు ఎప్పుడూ మనం పడుకునే చోట ఉండవు. గాలికి తేమ కోసం మిషను డబ్బాలో పోసే నీళ్ళు పారబోసి మరీ సర్దండి, లేకపోతే లోపలికి కారతాయి.

చిక్కపేట మెట్రోలో సంచి స్కానర్‌లోంచి రాగానే సెక్యూరిటీ అమ్మాయి, “ఏనమ్మా ఇదు?” అంది. ఆస్తమా మిషను అని అలవాటుగా చెప్పేశాను. మెజెస్టిక్‌లో దిగి ఊదా లైను ఎక్కేసరికి మూడుంబావు. ఆడవాళ్ళ బోగీలో సీటు దొరికింది. పక్కన మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి, విజయవాడట, నా సంచి కేసి చూసి నవ్వింది.

“ఆంటీ, అది సీప్యాప్ కదా? మా డాడీకి సేమ్ బ్యాగ్ ఉంది. ఫస్ట్‌లో చాలా స్ట్రగుల్ అయ్యారు. ఇప్పుడు అది లేకుండా ఎక్కడికీ వెళ్ళరు.”

“మీ నాయన బంధువులకు ఏమని చెప్తాడమ్మా?” అని అడిగాను.

“గురక అనే చెప్తారు ఆంటీ. అందులో ఏముంది?”

హూడి వచ్చేదాకా కిటికీ కేసి చూస్తూ కూర్చున్నాను.

నాలుగుంబావుకు కుందలహళ్ళిలో దిగాను. మంటపం అయిదు నిమిషాల నడక. మా మరదలు సుజాత, పెళ్ళికూతురి తల్లి, గుమ్మంలోనే ఎదురొచ్చి సంచులందుకుంది. కాఫీ, మద్దూరు వడ పెట్టి, మెల్లిగా చెప్పింది.

“వదినా, నీకు ఎదురుగుండే లాడ్జిలో ఏసీ రూము తీసినాము. నీకు ఆస్తమా ఉండాది కదా, సాంబ్రాణి పొగ ఆగదు, దగ్గు వస్తాది. స్నానం, పొగ అంతా పద్మతో చేయిస్తాము. నువ్వు ముహూర్తానికి నిమ్మళంగా రా.”

పద్మ మా పెద్దనాన్న కూతురు. మంచిదే, కాని హర్షితను ఎత్తుకుని పెంచింది నేను. సుజాత మీద ఒంటికాలి మీద లేవాలనిపించింది. కాని ఆమె తప్పేముంది? నా నోటితో నేను చెప్పిన అబద్ధం నా చేతిలోని సాంబ్రాణి గిన్నె లాక్కుంది. రిసెప్షన్‌లో బిసిబేళెబాత్ బాగుందని అందరూ అన్నారు. నాకు రుచి తెలియలేదు.

పది గంటలకు జంఖానాలు పరుస్తున్నారు. సీనప్ప నా సంచి ఎత్తుకుని, “రా అక్కా, రూములో దిగబెడతా” అన్నాడు. నేను కదల్లేదు. ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో మా నాగమ్మ చిన్నమ్మ కూడా ఉంది. డెబ్భై ఏళ్ళు, మా పక్క వీధే.

“నాకు ఆస్తమా లేదప్పా,” అన్నాను, కొంచెం గట్టిగానే. “నాకు ఉండేది గురక. నిద్రలో ఊపిరి ఆగుతాది. ఈ మిషను దానికి. సాంబ్రాణి నేనే వేస్తా, ఈడనే పండుకుంటా.”

నాగమ్మ చిన్నమ్మ దిండు దులుపుతూ, “గురక అని మాకు తెలీదా ఏమే? ఆ పొద్దు దిండ్లెత్తుకోని పరుగెత్తింది మేమే కదా!” అంది.

ఒకరు మొదలుపెడితే అందరూ నవ్వారు. నేను కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అందులో కొన్ని నవ్వుకు వచ్చినవి కావు. సీనప్ప సంచి కింద పెట్టి, తనే బోర్డు తగిలించి వరస మధ్య దాకా లాగాడు.

“ఇది పెట్టుకుంటే గురక రాదా వదినా?” అంది సుజాత.

“వస్తే మళ్ళా దిండ్లెత్తుకోని పోండి. నేనేమీ బేజారు చేసుకోను.”

పైకి అలా అన్నానే గాని, మాస్కు తగిలించుకుని మిషను చప్పుడే వింటూ పడుకున్నాను. మాస్కు పక్కనుంచి గాలి ఈల వేస్తోంది. పట్టీ ఒక గాటు బిగించాను. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

“వదినా, లెయ్యి. నూనె కాచినాము.” సుజాత నా కాలు పట్టి ఊపుతోంది. నాలుగు కావస్తోంది. లేచి కూర్చుని మొదట అటూ ఇటూ చూశాను. కుడివైపు సుజాత దిండు, ఎడమవైపు నాగమ్మ చిన్నమ్మ, ఆ పక్కన పద్మ. ఒక్కరు కూడా చోటు మారలేదు.

“నీ మిషనుకు ఫ్యానంత చప్పుడు కూడా లేదు. చిన్నమ్మ గురకకే మాకు నిద్ర లేదు,” అంది సుజాత.

“నేనా? నేను కన్ను మూసింటే కదా!” అని చిన్నమ్మ ఎగిరిపడింది.

హర్షిత తలకు నూనె పెట్టాను, పసుపు రాశాను, వేడినీళ్ళు పోశాను. బుట్ట కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బుట్ట మీద ఆ జుట్టు పరిచి, పాయ పాయా విడదీసి ఆరబెట్టాను. “అత్తా, పొగ ఆగుతాదా నీకు?” అంది పిల్ల. ఆగుతుందన్నాను. ముహూర్తం వేళ నేను కునుకు తీయలేదు. తాళి కట్టడం కళ్ళారా చూశాను. ఒబ్బట్లు మూడు తిన్నాను, రుచి బాగా తెలిసింది.

మా ఆయన పొద్దున స్కూటర్ మీద వచ్చి, భోంచేసి దుకాణానికి వెళ్ళిపోయాడు. నేనూ చిన్నమ్మా నాలుగు గంటల మెట్రో ఎక్కాం. దారి అదే, స్టేషన్లు అవే, సంచి కూడా అదే బరువు. నేను మాత్రం మంటపంలో అందరి మధ్యా నిద్రపోయిన మనిషినై తిరిగొస్తున్నాను. ఇల్లు కదలాలంటే జంకేవాళ్ళకు చెప్పేది ఒకటే: బోర్డు, నీళ్ళు, మాస్కు, దాంతోపాటు ఉన్నమాట.

బెన్నిగానహళ్ళి దాటాక చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగింది. “ఆ డాక్టరు యాడ ఉండాడే? నాకు పొద్దున లేస్తే తలనొప్పి, పగలంతా మత్తు. ఎవరికీ చెప్పొద్దు. ఎవరన్నా అడిగితే ఆస్తమా అందాము.”

ఫోన్ తీసి క్లినిక్‌కు కలిపాను. సోమవారం పదకొండుకు చిన్నమ్మ పేరు రాసుకున్నారు. సమస్య ఏమిటని అవతలి అమ్మాయి అడిగింది. చిన్నమ్మ నా చెయ్యి గిల్లుతోంది.

“గురక,” అన్నాను, బోగీ అంతా వినేటట్టు.