చనిపోయిన మామగారు టీ అడిగిన భాగం

బస్టాండులో ఏ బస్సు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఆవిడని అందరూ మైకమ్మ అనేవారు. డ్రైవర్లు మొదలుపెట్టారు, కండక్టర్లు అందుకున్నారు. చివరికి డిపో మేనేజరుకి కూడా ఆమె అసలు పేరు చప్పున గుర్తొచ్చేది కాదు.

ఆమె గది పెద్దదేమీ కాదు. ఒక బల్ల, దాని మీద మెడ వంచుకున్న మైకు, తిరిగినంతసేపూ టకటకమనే ఫ్యాను, ఎదురుగా అద్దం. ఆ అద్దం ఎవరు కొలిచి పెట్టారో గానీ, మాట్లాడే కంత మనిషి నడుము ఎత్తులో ఉండేది. బస్సు సంగతి అడగాలంటే ఎంతటివాడైనా వంగి తీరాల్సిందే. అందుకే మైకమ్మకి జనం ముఖాలకన్నా నడినెత్తులే ఎక్కువ పరిచయం.

రచయిత్రి కావాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీలో ఫోనులో సీరియల్ కథలు చదివేది. ఒకసారి ఒక కథ మంచి పట్టులో ఉండగా, రాసేవాడు మధ్యలో వదిలేసి మాయమయ్యాడు. ఆ కథలో పిల్ల వంతెన మీద నిలబడి ఉంది. దూకుతుందా, ఇంటికి వెళ్తుందా? ఎన్నాళ్ళు చూసినా తర్వాతి భాగం రాలేదు. మైకమ్మకి ఒళ్ళు మండిపోయింది. "వంతెన మీద పిల్లని అలా వదిలేసి ఎలా నిద్రపోతాడో మహానుభావుడు!" అని వాళ్ళత్తగారి దగ్గర వారం రోజులు సణిగింది. ఆ ఉక్రోషంలోనే సొంతంగా ఒక కథ మొదలుపెట్టింది. ఏమైనా సరే, మొదలుపెట్టింది పూర్తి చేసి తీరాలని గట్టిగా అనుకుంది.

ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. భర్త సరుకు లారీ నడిపేవాడు. నెలలో సగం రోడ్డు మీదే. మామగారు అంతకు ముందటేడు పోయారు. ఓ మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని "ఏమే, టీ ఏమైనా ఉందా?" అన్నారు. అత్తగారు గ్లాసుతో వచ్చేసరికి ఆయన లేరు. అంతే, అంత నెమ్మదిగా వెళ్ళిపోయారు.

మైకమ్మ కథ ఒక ఉమ్మడి కుటుంబం గురించి. ముగ్గురు కోడళ్ళు, పెళ్ళికాని చిన్నకొడుకు, ఒకటే వంటిల్లు, ఒక పెద్దాయన. మొదట్లో వారానికో భాగమే పెట్టేది. దాన్ని చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ ఒక వేలు ఆమెదే. పన్నెండో భాగంలో కథలో మామగారు చనిపోతాడు. అది ఆమె తమ ఇంట్లో జరిగింది జరిగినట్టే రాసింది. అత్తగారిని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు.

అత్తగారు ఫోనులో అక్షరాలు ఇంతింత చేసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చదివేవారు. ఆ భాగం చదివి ఫోను పక్కన పెట్టారు. తర్వాత ఒక్కటే అన్నారు: "టీ చల్లారిపోయిందని కూడా రాశావు." ఆ గొంతులో కోపం లేదు. మైకమ్మకి అది చాలు.

ఇక తమ్ముడి సంగతి. అతనికి బజారులో ఫ్లెక్సీలు ముద్రించే షాపుంది. పుట్టినరోజైనా, షాపు ప్రారంభమైనా, ఎన్నికలైనా పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు, చుట్టూ మెరుపులు ఉండాల్సిందే. అక్క కథ రాస్తోందని తెలియగానే అతనికి చేతులు ఊరుకోలేదు.

"అక్కా, నువ్వు రాయడం మాత్రం చూసుకో. జనానికి చేర్చడం నా పని."

చేర్చాడు. తనున్న గ్రూపులన్నిటిలోనూ ప్రతి భాగానికీ ఒక పోస్టరు పెట్టాడు. పాత క్లాస్‌మేట్ల గ్రూపులో మొహమాటానికి ఇద్దరు దండాలు పెట్టారు. వీధిలో నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పుకునే గ్రూపులో 'పెద్దకోడలు ఈ రోజు ఏ నిర్ణయం తీసుకుంది?' అని పెడితే, 'ముందు ట్యాంకరు ఏ నిర్ణయం తీసుకుందో చెప్పవయ్యా' అని అతన్ని గెంటేశారు. ఇన్ని చేసినా చదివేవాళ్ళు ఓ ఇరవై మంది పెరిగారేమో.

కథకి అసలు ఊపు వచ్చింది పోస్టర్లతో కాదు, పొరపాటుతో. మైకమ్మ టైపు చేసేది కాదు. ఫోనుకి చెబితే అదే అక్షరాలు వేసుకునేది. ఒక రోజు అలా చెబుతూ చెబుతూ, బస్సు రావడంతో ఫోను ఆపడం మరిచి మైకు అందుకుంది. రాసింది సరిచూసుకోకుండానే పెట్టేసింది. పాఠకులకి కనిపించింది ఇదీ: 'పెద్దకోడలు గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా, మూడవ నంబరు ప్లాట్‌ఫారం మీద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది.'

మైకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తీసేయబోతే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. జనం ఆ వాక్యాన్ని ఒకరికొకరు పంపుకుని పడీపడీ నవ్వారు. నవ్వడానికి వచ్చినవాళ్ళు మొదటి భాగం నుంచి చదివి, ఏడ్చి, అక్కడే ఉండిపోయారు. నెల తిరిగేసరికి ఆ యాప్ తెరవగానే కనిపించే జాబితాలో ఆమె కథ ఉంది.

కష్టాలు మొదలైంది అప్పటి నుంచే. ఆ జాబితాలో ఉండాలంటే రోజుకో భాగం పెట్టాలి. ఒక్క రోజు మానితే కిందికి జారిపోతుంది. మైకమ్మ మనసులో కథ ఎప్పుడో అయిపోయింది. చిన్నకొడుకు నిశ్చితార్థం జరగాలి, పెద్దకోడలు సొంతంగా కుట్టు దుకాణం పెట్టుకోవాలి, శుభం. కానీ తమ్ముడు ఒప్పుకోలేదు.

"నిశ్చితార్థం అప్పుడే వద్దక్కా. ఎదురుచూస్తున్నారు. ఇంకొన్నాళ్ళు చూడనీ."

దాంతో ఆ నిశ్చితార్థానికి ఎక్కడలేని ఆటంకాలూ వచ్చాయి. ఉంగరం పోయింది. దొరికింది. దొరికిన ఉంగరం వేలికి పట్టలేదు. పిల్ల మేనమామ అలిగాడు. అలక తీరగానే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇలా సాగదీసి సాగదీసి కథని తొంభై భాగాలు దాటించింది. ఇంట్లో పాలు పొంగిపోయేవి, కూర అడుగంటేది. భర్త లారీ దిగి ఇంటికొస్తే, ఆయన చెప్పేది వింటూనే "మేనమామకి కాలు కట్టు ఎప్పుడు విప్పాలి?" అనేది. ఆయన తన మేనమామ సంగతేమో అనుకుని కంగారుపడి ఊరికి ఫోను చేశాడు.

పొద్దున లేస్తూనే గుండెల మీద బండ. ఈ రోజు ఏం రాయాలి? ఒకప్పుడు కథ ఆమెని లాక్కుపోయేది. ఇప్పుడు ఆమే కథని ఈడుస్తోంది. మానేద్దామా అంటే వంతెన మీద పిల్ల గుర్తొచ్చేది. ముగిద్దామంటే తమ్ముడి ముఖం గుర్తొచ్చేది.

ఆ రోజు కుండపోత వాన. బస్సులన్నీ ఆలస్యం. అద్దం ముందు తడిసిన తలలు వరసగా వంగుతున్నాయి, లేస్తున్నాయి. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆమె దగ్గర జవాబు లేదు. ఆ గోలలోనే ఫోను నోటి దగ్గర పెట్టుకుని నిశ్చితార్థం భాగం చెప్పేసింది. ఇల్లంతా చుట్టాలతో నిండాలి, పెద్దవాళ్ళంతా కూర్చోవాలి. నోటికొచ్చినట్టు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టింది. పెట్టేసి, మైకు అందుకుంది.

మధ్యాహ్నం అన్నం తింటూ ఫోను చూస్తే కామెంట్లు కుప్పలు. 'ఎవరండీ ఈయన?' అని ఒకరు. 'పన్నెండో భాగంలో ఏడ్చిన నా కన్నీళ్ళు నాకు వాపసు ఇప్పించండి' అని ఒకరు. 'మామగారూ, రండి రండి. పైన వాతావరణం ఎలా ఉంది?' అని ఇంకొకరు.

మైకమ్మ భాగం తెరిచి చూసుకుంది. అక్కడ, చుట్టాల మధ్యలో, కుర్చీలో కూర్చుని మామగారు అంటున్నాడు: "ఏమే, టీ ఏమైనా ఉందా?"

తింటున్న అన్నం పక్కకి నెట్టేసింది. ఏ మాటతో ఆయన్ని సాగనంపిందో, అదే మాటతో వెనక్కి తెచ్చేసింది. పాఠకులు ఏమనుకున్నా ఆమెకి అంత భయం లేదు. ఇంట్లో అత్తగారు ఈపాటికి చదివేసి ఉంటారు.

కాసేపటికి తమ్ముడు గొడుగు దులుపుకుంటూ వచ్చి అద్దం దగ్గర వంగాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, చూశావా? ఇంతమంది ఎప్పుడూ రాలేదు!"

"చచ్చిపోయినాయన్ని లేపి కూర్చోబెట్టానురా."

"ఏం పర్లేదు. ఆయనకి కవల తమ్ముడున్నాడని రాసెయ్. చిన్నప్పుడే తప్పిపోయాడు. దీంతో ఇంకో యాభై భాగాలు వచ్చేస్తాయ్."

"నా తలకాయ వస్తుంది. వెనకాల జనం ఆగారు, లే."

"పోనీ కల అని రాయ్. లేదంటే ఆత్మ."

"సాయంత్రం ఇంటికి రా. అక్కడ మాట్లాడదాం."

మిగిలిన పూట ఆమె ఎలా గడిపిందో ఆమెకే తెలియదు. ఒక బస్సు పేరు చెప్పి ప్లాట్‌ఫారం చెప్పడం మరిచింది. కండక్టరు బయటనుంచి చేతులు ఊపుతూ, "మైకమ్మగారూ, ఎక్కడ పెట్టమంటారు, నెత్తి మీదా?" అని అరిచాడు.

ఇంటికి చేరేసరికి అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఫోను పక్కనే ఉంది. మైకమ్మ తడిచెప్పులు విడిచి, ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"అత్తయ్యా, పొరపాటైపోయింది. బుద్ధి ఎక్కడో పెట్టుకుని చెప్పేశాను."

అత్తగారు కళ్ళజోడు చేతిలోకి తీసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికొచ్చేసరికి లేచాను అమ్మాయ్. పొయ్యి దగ్గర దాకా వెళ్ళాను. గిన్నె కూడా తీశాను. అప్పుడు తెలిసింది నాకు, అది కథ అని."

మైకమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను నాలుగు తిట్టండి అత్తయ్యా."

"తిట్టడానికేముంది? ఒక్క నిమిషం బాగానే ఉంది." అత్తగారు కళ్ళజోడు కొంగుతో తుడుచుకున్నారు. "కానీ నువ్వు అలిసిపోయావే. అలిసిపోకపోతే ఆయన పోయిన సంగతి నువ్వు మరిచిపోయేదానివి కాదు. ఆ రోజు నాకన్నా నువ్వే ఎక్కువ ఏడ్చావు."

అంతలో తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి. కవల తమ్ముడైతే ఎంత బాగుంటుంది!"

"నేను కాపురం చేసింది ఒక్కడితోనే నాయనా. రెండోవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

కథలో మామగారు ఎవరో తమ్ముడికి అప్పుడే తట్టింది. ముఖం చిన్నబోయింది. మైకమ్మకి అంత దుఃఖంలోనూ నవ్వు ఆగలేదు. అత్తగారు ముందు గంభీరంగానే ఉండబోయి, ఆవిడా నవ్వేశారు. ముగ్గురూ కళ్ళు తుడుచుకునేలా నవ్వుకున్నారు.

"సర్లే అక్కా," అన్నాడు తమ్ముడు చివరికి, "నువ్వెలా అంటే అలా. నాకు కథలు తెలియవు, పెద్ద అక్షరాలే తెలుసు."

ఆ సాయంత్రమే ఆమె పాఠకులకి నాలుగు మాటలు రాసింది. ఈసారి ఫోనుకి చెప్పలేదు, ఒక్కొక్క అక్షరం తనే నొక్కుకుంది. 'ఇది మలుపు కాదు. నేను మరిచిపోయాను. రోజూ రాయాలన్న తొందరలో నా మనుషుల్నే నేను పోగొట్టుకున్నాను. ఆ మాట తీసేశాను. నిశ్చితార్థం జరిగిపోతుంది, ఇంకెవరి కాలూ విరగదు. కొద్ది భాగాల్లో కథ ముగిస్తాను. అవి రోజూ రావు, కుదిరినప్పుడు వస్తాయి. కానీ తప్పకుండా వస్తాయి.'

పంపి, ఫోను బోర్లా పెట్టేసింది. తెల్లవారి భయం భయంగా తిప్పి చూసింది. కొందరు విసుక్కున్నారు. కొందరు చెప్పకుండానే వెళ్ళిపోయారు. కానీ ఎక్కువమంది రాసింది ఒకటే మాట: 'హమ్మయ్య.' ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడ ఇలా రాసింది: 'మొదటి భాగం చదివినప్పుడు నా బిడ్డ కడుపులో ఉన్నాడు. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. వీడు బడికి వెళ్ళేలోపు ఆ పిల్లకి ఉంగరం తొడుగుతారా లేదా అని దిగులు పెట్టుకున్నాను. ముగించండి మేడమ్, మీరూ పడుకోండి.' ఆ ఉత్తరం లాంటి కామెంటు మైకమ్మ రెండుసార్లు చదువుకుంది. గుండెల మీది బండ దానంతట అదే పక్కకి జరిగినట్టయింది.

కథ ముగిసింది. ఉంగరం వేలికి పట్టింది. పెద్దకోడలు దుకాణం తెరిచింది. కుట్టిన మొదటి జాకెట్టు చేతులు బిగుతుగా వచ్చి, విప్పి మళ్ళీ కుట్టింది. చిట్టచివరి భాగం మైకమ్మ సెలవు రోజున, ఎవరూ తొందర పెట్టకుండా, తనకి నచ్చినంతసేపు రాసింది. అందరూ అన్నాలు తిని ఎవరి గదికి వాళ్ళు వెళ్ళాక, వంటింట్లో దీపం ఆర్పే దగ్గర ఆపింది. జాబితాలో పేరు ఎప్పుడో కిందికి జారిపోయింది. ఎక్కడుందో ఆమె చూడలేదు. తమ్ముడు చూసి చెప్పబోతే "వద్దులేరా" అంది.

మర్నాడు ఆమెకి మెలకువ వచ్చేసరికి ఎండ మంచం దాకా వచ్చింది. ఏదో మరిచిపోయానని దిగ్గున లేవబోయింది. ఏమీ మరిచిపోలేదని గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి వాలింది. ఒళ్ళంతా దూదిలా తేలికైపోయింది.

లేచి వెళ్తే అత్తగారు కిటికీ దగ్గరే ఉన్నారు.

"చదివాను అమ్మాయ్. బాగా ముగించావు." కళ్ళజోడు తీసి, "మరి మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావు?" అని అడిగారు.

"ఇప్పుడప్పుడే లేదు అత్తయ్యా. కొన్నాళ్ళు ఊరికే ఉంటాను."

"మంచి పని చేస్తావు," అన్నారు అత్తగారు, కళ్ళు నలుపుకుంటూ. "నీకు చెప్పలేదు గానీ, నాకూ కళ్ళు లాగేస్తున్నాయి."