వెనక వరుస నలుగురికి నేర్పిన కేకలు

1984 జూన్‌లో నన్ను ఒక కళాశాలలో వ్యాయామ శిక్షకుడిగా వేశారు. ఊరిని అప్పటికింకా కాగితాల్లో రంగూన్ అనే రాసేవారు. హోదాలో నా పైన క్రీడల అధికారి, ఆయన కింద ఫుట్‌బాల్ జట్టు పెద్ద కోచ్, ఆయన కింద నేను. జట్టు మొత్తం నాది కాదు. వెనక వరుసలో గోల్ ముందు నిలబడే నలుగురు మాత్రమే నా బాధ్యత. ఆ నలుగురూ గోల్స్ కొట్టరు, పేపర్లో పేరు రాదు. గోల్ పడితే మాత్రం ఊరంతా వాళ్ళనే తిడుతుంది. వాళ్ళతో పాటు నన్నూ తిట్టేవారు. పదమూడేళ్ళు నేను బతికింది ఆ నలుగురి నడక మీదే.

మా పనిలో ముఖ్యమైనది ఆఫ్‌సైడ్ వల. ఎదుటి జట్టు బంతి ముందుకు తన్నే క్షణానికి మా నలుగురూ ఒక్కసారిగా అడుగు ముందుకేస్తారు. అప్పుడు వాళ్ళ ఫార్వర్డు మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు, ఆఫ్‌సైడ్ అని రిఫరీ ఈల వేస్తాడు. నలుగురిలో ఒక్కడు ఆలస్యం చేసినా వల చిరిగినట్టే. అందుకే వాళ్ళ నడుములకు వరసగా తాడు కట్టి, ఒకడు కదిలితే మిగతా ముగ్గురికీ లాగినట్టు తెలిసేలా సాధన చేయించేవాణ్ణి. ఆటలో తాడు ఉండదు కాబట్టి కేక కావాలి. ఆ కేక వేసేది కెప్టెన్ కో నైంగ్. కో అంటే అక్కడ కుర్రాళ్ళ పేరు ముందు చేర్చే మర్యాద మాట. మధ్యలో నిలబడే పొడగరి, గొంతు గట్టిది.

బర్మీస్‌లో అరిస్తే ఎదుటివాడికీ అర్థమైపోతుంది. నేను సేక్కాన్ రేవులో మూటలు మోసిన తాత మనవణ్ణి, రంగూన్‌లోనే పజుండౌంగ్ పేటలో పుట్టిన తెలుగువాణ్ణి. కాబట్టి ఆ నలుగురికీ తెలుగు మాటలు నేర్పాను. 'లెగు' అంటే ముందుకు. 'ఆగు' అంటే ఉన్నచోటే. 'ఎనక్కి' అంటే గోల్ వైపు. వరసగా రెండు మ్యాచ్‌లలో ఒకే మాట వాడనిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి 'లెగు' అయితే మరోసారి 'పద', ఇంకోసారి 'కదులు'. నా అంత తెలివైనవాడు రంగూన్‌లో లేడని అనుకునేవాణ్ణి.

ఎనభై ఏడు చివర్లో మరో కళాశాలతో సెమీఫైనల్ ఆడాం. వాళ్ళ ఫార్వర్డు మా కేక వినగానే తన గోల్ వైపు ఒక అడుగు వెనక్కి వేసి, వల దాటి, బంతి అందుకుని పోయేవాడు. రెండు గోల్స్ కొట్టాడు, రెండూ మా ఎడమ వైపు నుంచే. అంతకు రెండు రోజుల ముందే మాటలు మార్చాను. ఎవరో అందించకపోతే వాడికెలా తెలుస్తుంది? ఎడమ వైపు ఆడేవాడు కో లాట్. తండ్రి ఇన్సేన్ జైలులో వార్డరు, కాపురం జైలు క్వార్టర్సులో. మ్యాచ్ ముందు రోజు ఆ కళాశాల కుర్రాళ్ళతో టీ దుకాణంలో కూర్చున్నాడని నాకు కబురు కూడా అందింది. ఇంక నాకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. లాట్‌ను జట్టులోంచి తీసేశాను. కారణం అడిగిన కో నైంగ్‌తో, 'వాడు కబుర్లు మోసేవాడు, అంతకంటే చెప్పను' అన్నాను. లాట్‌ను మాత్రం ఒక్క మాటా అడగలేదు.

మరుసటి ఏడు మార్చిలో సర్కారు మీద విద్యార్థుల గొడవలు మొదలయ్యాయి. కళాశాలలు మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. ఆగస్టుకి ఊరంతా వీధుల్లో ఉంది. తర్వాత కొన్ని వారాలు ఆఫీసులు లేవు, పోలీసులు లేరు. పేటపేటకీ వెదురు కంచెలు కట్టుకుని జనమే కాపలా కాశారు. నీళ్ళ తొట్లలో విషం కలుపుతున్నారని, సర్కారుకి కబుర్లు మోసేవాళ్ళు మన మధ్యే తిరుగుతున్నారని రోజుకో పుకారు. కొన్ని పేటల్లో అలా పట్టుకున్న వాళ్ళు ప్రాణాలతో బయటికి రాలేదు. పక్కింటివాడు పలకరించినా ఎందుకు పలకరించాడా అని ఆలోచించే రోజులవి. నేనూ అందరిలాగే తలుపు సందులోంచి చూసి గాని గడియ తీసేవాణ్ణి కాదు.

ఒక ఉదయం ఇద్దరు వచ్చి, వార్డు పెద్ద నన్ను బడి దగ్గరికి రమ్మన్నాడని చెప్పారు. పజుండౌంగ్ మిల్లులో బియ్యం దొరుకుతుందేమోనని వచ్చిన ఒకణ్ణి కంచె దగ్గర పట్టుకున్నారట. గుర్తింపు కార్డు మీద జైలు క్వార్టర్సు అడ్రసు ఉందట. పట్టుబడినవాడు కో లాట్. కంచె దగ్గరే ఉన్న కో నైంగ్ వాణ్ణి చూసి, 'వీడు కబుర్లు మోసేవాడని మా సయా నిరుడే చెప్పారు' అన్నాడట. సయా అంటే గురువు. ఆ గురువు వచ్చి ఔనంటే సరిపోతుంది.

నా భార్య తమ్ముడు అప్పలసామి తోడొచ్చాడు. బడి ముందు వెదురు గేటు, దాని దగ్గర మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఒక బర్మా యువకుడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఎవరో మాట్లాడుతున్నారు, ఆగమన్నాడు. మేమిద్దరం పక్కకి నిలబడి తెలుగులో మాట్లాడుకున్నాం.

"బావా, నీకెందుకొచ్చిన గొడవ? నాకేటీ తెల్దని సెప్పీసి ఇంటికి పోదాం. రేపు మనల్నే అంటారు, కళావోల్లు కళావోల్ల బుద్ధే సూపించారని," అన్నాడు అప్పలసామి. కళా అంటే అక్కడ మన జాతివాళ్ళకు పెట్టిన పేరు, ముద్దుపేరు మాత్రం కాదు.

"తెల్దని ఎలా సెప్తాను? ఆడు తప్ప ఇంకెవుడున్నాడు? మాటలు అందించింది ఆడే," అన్నాను.

కాపలావాడు నా వైపు తిరిగాడు. బర్మీస్‌లో, గొంతు తగ్గించి, "లాట్ ఏమీ అందించలేదు, సయా," అన్నాడు.

అతను తువ్వాలు కిందికి లాగాడు. సెమీఫైనల్లో మా మీద రెండు గోల్స్ కొట్టిన ఫార్వర్డే. పేరు కో ప్యో.

"మీవాళ్ళు లెగు అని అరిస్తే ముందుకొచ్చేవాళ్ళు. ఆగు అంటే ఆగేవాళ్ళు. నాకింక ఎవరు చెప్పాలి? మా అమ్మమ్మ మీ మనిషే. చిన్నప్పుడు నన్ను ఆ మాటలతోనే తిట్టేది. నాకు మాట్లాడ్డం రాదు, వినడం వచ్చు."

అప్పుడైనా నమ్మానా అంటే, లేదు. వీడూ లాటూ ఒకటేనేమో, వాణ్ణి కాపాడ్డానికి కథ అల్లాడేమో అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని మావాళ్ళు ఊరికే అనలేదు. తెలుగులో గబగబా అడిగాను: "మీ అమ్మమ్మ పేరేటి? ఏం పని సేసీది?"

"అచ్చియమ్మ. సేక్కాన్ రేవులో ఉప్పు బస్తాలు కుట్టేది," అన్నాడు బర్మీస్‌లోనే.

ఇంక నాకు వెతుక్కోవడానికి సందు దొరకలేదు. మ్యాచ్‌కో మాట మార్చాను, దాని అర్థం మాత్రం మార్చలేదు. మన భాష మన పేటల్లోనే ఉండిపోతుందని, బర్మా మొహాల వెనక తెలుగు చెవులు ఉండవని అనుకున్నాను. సేక్కాన్‌లో, పజుండౌంగ్‌లో మూడు తరాలుగా పెళ్ళిళ్ళు ఎలా జరుగుతున్నాయో తెలిసిన నేనే అలా అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా పథకం ఓడిపోతే ఒక ఆటగాణ్ణి అనుమానించాను.

కో ప్యోను నాతో లోపలికి రమ్మన్నాను. రానన్నాడు. 'శత్రు జట్టువాడు వచ్చి సాక్ష్యం చెబితే నన్నూ పట్టుకుంటారు' అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా కర్ర అప్పలసామి చేతికిచ్చి, నాతో వచ్చాడు.

బడి గదిలో లాట్ ఒక బెంచీ మీద కూర్చున్నాడు, చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. పెదవి వాచింది. నా వైపు చూడలేదు. కో నైంగ్ కిటికీ దగ్గర ఉన్నాడు. వార్డు పెద్ద రిటైరైన బడిపంతులు, నెమ్మదైన మనిషి. ఆ మాట నువ్వన్నావా అని అడిగాడు. అన్నానని ఒప్పుకున్నాను. నిజమా అని అడిగాడు. కాదు, తప్పు నాది అన్నాను. గదిలో జనం గుసగుసలాడారు. కళావాడు భయపడి మాట మారుస్తున్నాడని ఎవరో పైకే అన్నారు. వార్డు పెద్దకూ అదే అనుమానం వచ్చినట్టుంది. రుజువేమిటన్నాడు.

మా మీద గోల్స్ కొట్టింది ఇతనే, మా కేకలు తెలుగు కాబట్టి ఇతనికి అర్థమయ్యాయని చెప్పి, కో ప్యోను గోడ వైపు మొహం పెట్టి నిలబడమన్నాను. తెలుగులో "ఎనక్కి" అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆగు" అంటే ఆగాడు. ఇది ముందే కూడబలుక్కున్నదేమోనని వార్డు పెద్ద నా చెవిలో వేరే మాట చెప్పి, దాన్ని తెలుగులో అనమన్నాడు. నేను "కుడిసెయ్యి ఎత్తి తల మీదెట్టు" అన్నాను. అతను కుడిచెయ్యి తల మీద పెట్టుకున్నాడు. ఒక ముసలావిడ పకపకా నవ్వింది. ఒక మనిషి ప్రాణం ఉండడమో పోవడమో తేలే చోట ఆ నవ్వు నాకు భరించలేనిదిగా అనిపించింది. కాని గది కాస్త సడలింది ఆ నవ్వుతోనే. వార్డు పెద్ద లాట్ కట్లు విప్పమన్నాడు. కో నైంగ్ వెళ్ళి విప్పాడు. సయా చెప్పిందే తను చెప్పానని గొణిగాడు. అదీ అబద్ధం కాదు.

లాట్‌ను నేనే గేటు దాకా దిగబెట్టాను. తప్పయిపోయింది, నన్ను క్షమించు అన్నాను. అతను ఖాళీ బియ్యం సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. కో ప్యో కర్ర తిరిగి తీసుకుని తన చోట నిలబడ్డాడు.

"సయా, ఈరోజు గేటు దగ్గర ఇతని వంతు కాకపోయుంటే లోపల ఏం చెప్పేవారు?" అని లాట్ అడిగాడు.

ఏం చెప్పేవాణ్ణో ఇద్దరికీ తెలుసు. అతను కంచె పక్కగా రైలు స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

కళాశాల మళ్ళీ తెరిచేసరికి మూడేళ్ళు పట్టింది. లాట్ తిరిగి చేరలేదు. నేను ఇంకో ఆరేళ్ళు వెనక వరుసకు శిక్షణ ఇచ్చి దిగిపోయాను. గోల్ పడినప్పుడు ముందు నేను నేర్పినది చూసుకోవడం, తర్వాత ఆటగాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగడం, ఈ రెండూ అయ్యేదాకా అతని పేరు ఇంకొకరి దగ్గర ఎత్తకపోవడం ఆ ఉదయం తర్వాతే అలవాటు చేసుకున్నాను. మైదానంలో కోచ్ మాట మైదానంలోనే ఉండిపోదు. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ నాకు నేర్పలేదు. నేర్చుకోవడానికి ఒక మనిషిని చావు దాకా పంపాను.