అప్పగింతల పాట ఎక్కడిది?

ఆదివారం పొద్దున చింతపండు గుజ్జుతో ఇత్తడి చెంబు తోముతుంటే, వేళ్లకు అంటుకున్న వాసన నన్ను గద్వాలకు తీసుకుపోయింది. పులుపూ లోహమూ కలిసిన వాసన అది. పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందు మా పక్కింటి వాకిట్లో వారం పాటు అదే వాసన. బ్యాండు బూరలన్నిటికీ చింతపండు రాసి, బూడిదతో తోమి, ఎండలో వరుసగా బోర్లించేవాళ్లు. వాటి మధ్య కుర్చీ వేసుకుని, తోమేవాళ్లను, గల్లీలో పోయేవాళ్లను, గోడ మీది కాకులను కూడా ఒకే రకంగా అనుమానంగా చూస్తూ కూర్చునేవాడు మౌలాలి చాచా. మౌలాలి బ్యాండుకు ఆయన మాస్టరు, క్లారినెట్ వాయించేవాడు. నేను ఇప్పుడు హైదరాబాదులో, ఫోన్లలో ఆడే వీడియో గేములకు సంగీతం కట్టి బతుకుతున్నాను. ఈ చెవి నాకు ఎవరిచ్చారని ఎవరైనా అడిగితే చాచా పేరే చెబుతాను. నా అనుమానం జబ్బు కూడా ఆయన ఇచ్చిందే.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు చాచా బ్యాండులో కీబోర్డు వాయించే మనిషి రాయచూరు బ్యాండులోకి వెళ్లిపోయాడు. వాళ్లే ఎత్తుకుపోయారని చాచా చాలా రోజులు తిట్టాడు. చివరికి మా ఇంటికి వచ్చాడు. మా నాన్న తాపీమేస్త్రీ, ఆదివారాలు చర్చిలో పెద్ద. ఆ చర్చిలో కీబోర్డు వాయించేది నేనే.

"మీ ఎస్తేరును జర పంపు తమ్మీ. బండి మీద కూసొని వాయించుడే, నడిచేది లేదు" అన్నాడు చాచా.

"పెండ్లిండ్లల్ల తాగినోళ్లుంటరు గదన్నా. ఆడపిల్లను ఎట్ల పంపాలె?"

"గందుకే నేనున్న గద. నాకు ఎవ్వని మీద నమ్మకం లేదు."

ఆ మాటకు మా నాన్న మెత్తబడ్డాడు. అలా నేను అలంకరించిన ట్రాలీ మీద, జనరేటరు పక్కన కూర్చుని, గద్వాల నుంచి వనపర్తి దాకా ఎన్నో ఊళ్లు చూశాను.

మొదటి ఏడాదే గట్టు మండలంలోని ఒక ఊళ్లో బరాతు జరిగింది. బాకా ఊదే నర్సింలు ఫోన్లో ఒక కొత్త రింగ్‌టోన్ ఉండేది. ఏదో సినిమాలోని నేపథ్య సంగీతం. మాటలు లేవు, వింటే ప్రాణం లేచివచ్చేంత బాగుంటుంది. మాలో ఎవరూ ఆ సినిమా చూడలేదు. అందరినీ అన్నీ అడిగే చాచా కూడా ఆ ఒక్కసారి ఏమీ అడగకుండా నేర్చుకున్నాడు. పెళ్లికొడుకు కారు ముందు మేము ఆ బాణీ ఎత్తుకోగానే ఆడేవాళ్లు ఆగిపోయారు. సినిమా చూసిన ఒక పిల్లవాడు వచ్చి ట్రాలీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపుండ్రి. ఇది సిన్మల తల్లి పీనుగను ఇంటికి తెచ్చినప్పుడు వస్తది" అన్నాడు.

పెళ్లికొడుకు తల్లి అక్కడే ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దలు కారును వెనక్కి తిప్పించారు. బరాతు బయలుదేరిన చోటికే మళ్లీ వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, వేరే పాటతో మొదటి నుంచీ ఊరేగింపు తీయించారు. చాచా ఎవరి ముఖమూ చూడకుండా వాయించాడు. తిరిగి వస్తూ వ్యానులో నాతో ఒక్క మాట అన్నాడు.

"మాటలుంటే పెండ్లిదో సావుదో తెలుస్తది బిడ్డా. ఉత్త మ్యూజిక్‌కు మొకం ఉండదు. గదే పరేషాన్."

అప్పటి నుంచి ఎవరు కొత్త బాణీ తెచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: ఇది ఏ సీన్‌లో వస్తుంది? మేము చెప్పిన జవాబును నమ్మేవాడా అంటే అదీ లేదు. స్వయంగా మాట్నీకి వచ్చేవాడు. వచ్చి, తెర వైపు చూడకుండా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. బొమ్మ మనిషిని మోసం చేస్తుందని ఆయన గట్టి నమ్మకం. పక్క సీట్లో కూర్చుని ఇప్పుడేమవుతుందో చెప్పడం నా పని. ఒకసారి పెద్ద ఫైటు నడుస్తోంది. వయొలిన్లు, వందమంది గొంతులు, హాలంతా ఈలలు. చాచా కళ్లు తెరవకుండానే నా చేతి మీద వేలితో దరువు వేసి చూపించాడు.

"అడుగున ఏం కొడ్తున్రో విను. సావు డప్పు. పైన గీ వయొలిన్లన్ని దుప్పటి కప్పినట్టు కప్పిన్రు."

నేను విన్నాను, నిజమే. మా ఊళ్లో శవం లేచేటప్పుడు కొట్టే దరువును కాస్త వేగం పెంచి వేశారు. ఆ సంగీతం కట్టినవాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఏ చావుకు నిలబడి విన్నారో అని ఆ రోజంతా ఆలోచించాను. సినిమా సంగీతం గాలిలోంచి ఊడిపడదని, దాని వెనక ఎవరో విన్న ఇంకేదో ఉంటుందని నాకు తెలిసింది అక్కడే. చాచా దాన్ని పాటకు తల్లి అనేవాడు. తల్లి ఎవరో తెలియని పాటను ఇంటికి రానివ్వకూడదనేవాడు.

ఆయన ప్రతిసారీ సరిగ్గా పట్టుకున్నాడని అనుకోవద్దు. చాలాసార్లు బొక్కబోర్లా పడ్డాడు. ఒక ఆదివారం మా చర్చి గోడ అవతల నిలబడి ఒక కీర్తన విన్నాడు. సాయంత్రం మా నాన్నను పట్టుకున్నాడు.

"దేవుని పాటను గూడ సిన్మల నుంచి ఎత్తుకచ్చిన్రా తమ్మీ? జర సిగ్గుండాలె."

"గా కీర్తన మా తాత పాడుతుండె అన్నా. అప్పుడు సిన్మా యాడిది?" అన్నాడు నాన్న.

చాచా నెల రోజులు నమ్మలేదు. ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగి వచ్చి, "అయితే సిన్మావోళ్లే మీ చర్చికి వచ్చి ఎత్తుకపోయిన్రు" అని తేల్చాడు. ఎవరో ఒకరు దొంగ కాకపోతే ఆయనకు అన్నం సహించదు.

ఇంత అనుమానం మనిషి ఒక్క పాటను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. అది ఆయన అప్పగింతల పాట. పెళ్లికూతురు కారెక్కే ముందు బ్యాండంతా ఆగిపోతుంది, చాచా ఒక్కడే క్లారినెట్ తీస్తాడు. నెమ్మదిగా మెట్లు దిగుతున్నట్టు సాగే బాణీ, దిగిన చివర మళ్లీ ఒక్క స్వరం పైకి లేస్తుంది. ఆ స్వరం దగ్గర ఎంత గట్టి తండ్రికైనా కళ్లు నిండేవి. ఈ పాట కోసమే ఉప్పునుంతల, పాన్‌గల్ వంటి దూరపు ఊళ్ల నుంచి కూడా వచ్చి ఆయన్ను పిలుచుకునేవాళ్లు. తన కూతురు షబానా పెళ్లిలో దానంతట అదే వచ్చిందని, అది తన సొంతమని చెప్పేవాడు. వాయించేటప్పుడు మాత్రం జనానికి వీపు పెట్టి గోడ వైపు తిరిగేవాడు. గుంపులో వేరే బ్యాండువాళ్లుంటే వేళ్లు చూసి నేర్చుకుంటారని భయం. నాకు ఆ వీపు చూసినప్పుడల్లా లోపల ఏదో గీరినట్టుండేది. ఇంతగా దాచుకునేది నిజంగా సొంతమేనా అని అనుమానపడేదాన్ని. ఆయన దగ్గర నేర్చిన విద్యే కదా, ఆయన మీదే పనిచేసింది.

డిగ్రీ అయ్యాక హైదరాబాదు వచ్చి వీడియో గేములు చేసే ఆఫీసులో చేరాను. అక్కడ సంగీతం కట్టమన్న ప్రతిసారీ ముందు ఎవరిదో ఒక బాణీ వినిపిస్తారు. "ఇలాగే ఉండాలి, కానీ ఇది కాకూడదు" అంటారు. చాచా వింటే ఆ ఆఫీసుకు తాళం వేయించేవాడు. ఫోన్లో ఆయనకు నా పని వివరించడానికి చాలా తంటాలు పడ్డాను. గెలిస్తే ఒక పాట, ఎదురుచూస్తుంటే ఒక పాట, ఓడిపోతే ఒక పాట అని చెప్పాను.

"ఓడినోనికి గూడ పాటనా? ఏం పాట కొడ్తవ్ వానికి?"

"మరీ ఏడిపించేది కొట్టొద్దు చాచా. ఓడినోడు లేసి మళ్ల ఆడాలె గద. ఆ పాటకే ఎక్కువ కష్టం."

ఆయన ఆ మాటనే ఒకసారి మళ్లీ అన్నాడు. తర్వాత భోజనం చేశావా అని అడిగి పెట్టేశాడు.

రెండేళ్లకు నాకు పెద్ద పని దొరికింది. ఒక గేము చివర, కథ ముగిశాక వచ్చే బాణీ పూర్తిగా నాకే వదిలారు. నేను చాచా అప్పగింతల పాటను తీసుకుని వయొలిన్లతో కట్టాను. ఆయనను అడిగే చేశాను. "మౌలాలి మాస్టర్, గద్వాల" అని పేరు తెర మీద పడుతుందంటే ఆయన నమ్మలేదు, కానీ గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు. విడుదలకు ముందు మా ఆఫీసులో ప్రతి బాణీని పాతవాటితో పోల్చి చూస్తారు. ఆ పని చేసే సహోద్యోగి నన్ను పిలిచి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టాడు. ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడుకునే ఒక విదేశీ గేములోని బాణీ. పిల్లల ఆటబొమ్మ కూసినట్టు బొంగురు గొంతుతో, మూడింతల వేగంతో, అదే మెట్లు దిగడం, చివర అదే స్వరం పైకి లేవడం. ఇది గేములో ఎక్కడ వస్తుందని అడిగాను. బొమ్మ ప్రాణాలన్నీ అయిపోయి ఆట ఓడిపోయాక వస్తుందన్నాడు. అది కట్టినాయన కూడా వాళ్ల దేశపు జోలపాట నుంచి తీసుకున్నాడని అనుకుంటారట. ఆ మాట అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. నాకు చాచా వీపు కనిపిస్తోంది, కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

మరుసటి వారం గద్వాల వెళ్లాను. చాచాకు అప్పటికే ఆయాసం పట్టుకుంది, దవాఖాన నుంచి వచ్చి మంచం మీద ఉన్నాడు. షబానక్క ఇంట్లోనే ఉంది. ఆమె భర్త పెళ్లయిన కొన్నేళ్లకే లారీ ప్రమాదంలో పోయాడు. అప్పటి నుంచి పుట్టింట్లోనే ఉంటూ బట్టలు కుడుతోంది. నేను ఏమీ చెప్పకుండా ఫోన్లో ఆ పాత బాణీ పెట్టాను.

"నా పాటను ఎవడో ఎత్తుకపోయిండు" అన్నాడు చాచా వెంటనే లేచి కూర్చుంటూ.

చాయ్ తెస్తున్న షబానక్క గుమ్మంలో ఆగింది. "ఇది నా ఆటల పాట గద. పెండ్లికి ముందు ఎండకాలమంత గిదే ఆడిన, యాదిలేదా అబ్బాజాన్? టీవీ బంద్ చెయ్యమని తిడుతుంటివి."

చాచా ముఖం నేను అంతకుముందెన్నడూ అలా చూడలేదు. దొంగను పట్టుకోవడానికి తలుపు తీస్తే అద్దం ఎదురైనట్టయింది ఆయనకు. "నా లోపటి నుంచి వచ్చిందనుకున్న" అన్నాడు మెల్లగా. "టీవీల నుంచి వచ్చిందా." నా కోపం అక్కడికక్కడే పోయింది. ఆయన దొంగతనం చేయలేదు. కూతురు వెళ్లిపోతున్న ఘడియలో, ఆ వేసవంతా ఇంట్లో మోగింది తెలియకుండానే ఆయన వేళ్లలోకి వచ్చింది. అయితే ఆయన అక్కడితో ఆగే మనిషి కాదు. అడగబోయే ప్రశ్న నాకు తెలుసు, దాని జవాబూ తెలుసు. ఎంతమంది పెళ్లికూతుళ్లను ఆ పాటతో పంపాడో. అందరికంటే ముందు పంపింది షబానక్కనే.

"ఆటల ఇది ఎప్పుడొస్తది బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

షబానక్క చాయ్ గ్లాసు స్టూలు మీద పెట్టి, పైట సర్దుకుంది. "ఆట గెల్చినంక అబ్బాజాన్. బొమ్మ ఇల్లు చేరినప్పుడు."

చాచా నా వైపు తిరిగాడు. "ఆఫీసోళ్లు గిదే చెప్పిన్రా?"

"గిదే చెప్పిన్రు చాచా" అన్నాను.

కాకులను చూసే చూపుతో మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చాయ్ అందుకుని, చల్లారిందన్నాడు. ఆ బాణీని నేను గేములోంచి తీసేశాను. ఆయన కూడా ఆ తర్వాత పెళ్లిళ్లలో దాన్ని వాయించలేదు. ఊపిరి చాలడం లేదని పిలవడానికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు.

ఏడాది తర్వాత మా చెల్లెలు రూతు పెళ్లి గద్వాలలోనే అయింది. పక్కింటి పిల్ల కాబట్టి చాచా వచ్చాడు. క్లారినెట్ తేలేదనుకున్నాను. రూతు కారు దగ్గరికి వచ్చేసరికి సంచిలోంచి తీశాడు. ఈసారి గోడ వైపు తిరగలేదు. జనం వైపే నిలబడి, వేళ్లన్నీ కనిపించేలా, ఆ పాట మొత్తం వాయించాడు. వేరే బ్యాండు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటే కూడా ఏమీ అనలేదు. చివరి స్వరం ఊపిరి చాలక వణికింది. మా నాన్న చర్చి పెద్దరికం మరిచిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. కారు వెళ్లాక నేను అడిగాను.

"జనం దిక్కు తిరిగి వాయించినవేంది చాచా?"

"నాది గాదు గద బిడ్డా, దాసుకునుడెందుకు?" అని క్లారినెట్ తుడుచుకున్నాడు. దాన్ని సంచిలో పెడుతూ, "నువ్వే అంటివి గద ఫోన్ల. ఓడినోడు లేసి మళ్ల ఆడాలె అని. ఇల్లిడిసి పోయే బిడ్డకు గంతకన్న మంచి మాట ఏమున్నది?" అన్నాడు.

దూరంగా షబానక్క పిల్లలకు మిఠాయి పంచుతోంది. చాచా ఆమె వైపు చూసి, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. అంటే మా మాట ఆయన ఒక్క క్షణం కూడా నమ్మలేదు. తనకు తెలిసిపోయిందని కూతురికి తెలియనివ్వలేదు, అంతే.

ఆ తర్వాత నేను ఒక గేముకు ఓడిపోయినప్పటి బాణీ కట్టాను. ఎవరి బాణీ వినకుండా, చాలా రోజులు కూర్చుని కట్టాను. ఫోన్లో చాచాకు వినిపించాను. అప్పటికి ఆయన మాట సగం ఆయాసమే.

"బాగున్నది. ఎవ్వలిది?"

"నాదే చాచా."

ఆయన నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అన్నాడు: "గట్లనే అనుకో కొన్ని దినాలు. నేను గూడ గట్లనే అనుకున్న."

మేము మాట్లాడుకున్న చివరి మాట అదే. మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. ఇప్పుడు కూడా ఒక బాణీ పూర్తయిన ప్రతిసారీ, కట్టింది ఎవరని ఆఫీసులో అడుగుతారు. నా పేరు చెప్పబోయి ఆగుతాను. ఏ ఇంటి గోడ అవతల, ఏ వేసవిలో విన్నానో అని వెనక్కి వెనక్కి వెతుక్కుంటాను. ఏమీ దొరకదు. అయినా పేరు చెప్పే ముందు గద్వాలకు ఒక్కసారి ఫోన్ చేసి, ఆ నవ్వు వినాలనిపిస్తుంది.