మా అమ్మకు నయమైపోయిందని నేను చెప్పిన సాక్ష్యం

మా అమ్మ చనిపోయిన ఏడు నెలలకు, ఆమెకు జబ్బు పూర్తిగా నయమైపోయిందని నేను చెప్పడం మైకులో విన్నాను. పొన్నూరులో బస్సు దిగి పిన్ని వాళ్ళింటికి నడుస్తున్నాను. ఎదురుగా వస్తున్న రిక్షాకు మైకు కట్టి ఉంది. అందులోంచి నా గొంతు. "మా అమ్మ రక్తం కక్కేదండీ. ప్రభువు ముట్టాడు. ఈరోజు నాతో సమానంగా చేలో పని చేస్తోంది" అంటోంది. ఎంత ధీమా ఆ గొంతులో! పరిగెత్తి ఆ తీగ పీకి పారేయాలనిపించింది. పీకలేదు. సిగ్గుతో, కోపంతో రోడ్డు వారగా నిలబడి చివరిదాకా విన్నాను.

ఆ మాటలు నా చేత బలవంతాన చెప్పించారని తప్పించుకోను. నా నోటితో నేనే చెప్పాను, సంతోషంగా చెప్పాను. కానీ అందులో ఏది మింగానో, ఎవరు మింగించారో ఇప్పుడైనా కక్కాలి.

మాది గుంటూరు జిల్లాలో ప్రకాశం వైపున్న ఊరు, మిరపా పత్తీ పండే నేల. మాకు సెంటు భూమి లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మా నేనూ కూలికి వెళ్ళేవాళ్ళం. మా పేటలో తాతల కాలం నాటి చర్చి ఉంది. ఎనభైల మొదట్లో ఊరి చివర పొగాకు కాల్చే పాడుబడ్డ బ్యారన్ కొట్టాన్ని బాగు చేసి ఒకాయన ప్రార్థన మందిరం పెట్టాడు. ఆయన్ని అందరం అన్నగారు అనేవాళ్ళం. పాత చర్చివాళ్ళు చల్లారిపోయారనీ, వాళ్ళ ఇళ్ళలో అన్నం తినకూడదనీ, మందు మింగడమంటే దేవుణ్ణి అనుమానించడమేననీ చెప్పేవాడు. ఆ చెప్పే పెద్దమనిషి కళ్ళకు లావుపాటి అద్దాలుండేవి. కంటికి అద్దం ఒప్పు, ఊపిరితిత్తికి సూది తప్పా అని మాలో ఒక్కరికీ తోచలేదు. గంగిరెద్దుల్లా తలలూపాం.

అలాంటి చోటికి ఎందుకు వెళ్ళారని నన్ను చాలామంది అడిగారు. చదువుకున్నవాళ్ళు అడిగేటప్పుడు పెదవి చివర ఒక నవ్వుంటుంది, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాత చర్చిలో ముందు బల్లలు ఉద్యోగాలున్న ఇళ్ళవాళ్ళవి. మేం వెనక నేల మీద కూర్చునేవాళ్ళం. మందిరానికి మొదటిరోజు వెళ్ళినప్పుడు అన్నగారు మా అమ్మను చూసి లేచి నిలబడి, "రా అమ్మా, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. కూలిమనిషిని చూసి లేచిన పెద్దమనిషిని మా అమ్మ అంతకు ముందు చూడలేదు. ఆ ఒక్క మర్యాదకు మేం పడిపోయాం.

అప్పటికే అమ్మకు టీబీ. టౌన్లో గవర్నమెంటు ఆసుపత్రిలో సూదులు, మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలైంది. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, చెంపలు కాస్త నిండాయి. "ఏడాదిన్నర వాడాలమ్మా. మధ్యలో బాగున్నట్టే ఉంటుంది, ఆపారంటే మళ్ళీ మొదటికొస్తుంది" అని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పింది. నేను పదో తరగతి పాసైనదాన్ని. ఆ మాట నాకు అర్థం కాలేదని చెబితే అబద్ధం.

అన్నగారు అమ్మ తల మీద చెయ్యి పెట్టి మూడు ఆదివారాలు ప్రార్థన చేశాడు. మూడో ఆదివారం మాత్రలు తెచ్చి తన కాళ్ళ దగ్గర పెట్టమన్నాడు. పెట్టాం. అమ్మకు బాగానే ఉంది, ఎందుకుండదు? మూడు నెలల మందు ఒంట్లో ఉంది. సూది చేసిన పని ప్రార్థన ఖాతాలో పడింది.

మందిరంలో సాక్ష్యం చెప్పడం పెద్ద తంతు. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెడితే, ఇక వాళ్ళు ముగించేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. అడ్డు వస్తే ఆత్మను ఆపినట్టే. నాకు గొంతుంది, తడబడకుండా మాట్లాడతానని అన్నగారు మా అమ్మ సంగతి నన్నే చెప్పమన్నాడు. ముందురోజు తన ముందు నిలబెట్టి చెప్పించుకున్నాడు. నేను ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టాను.

"డాక్టరు ఊసెందుకమ్మా అందులో?" అన్నాడు.

"సూదులు వేశారు కదన్నా."

"వేశారు. నయం చేసిందెవరు?"

"ప్రభువే."

"మరి ఆ మహిమ డాక్టరుతో పంచుతావా?"

నేను సిగ్గుపడి ఆ ముక్క తీసేశాను. ఇంత చిన్న కోత. మర్నాడు చెప్పిన సాక్ష్యంలో అమ్మ రక్తం కక్కడం ఉంది, ప్రార్థన ఉంది, చేలో పని ఉంది. మధ్యలో మూడు నెలల ఆసుపత్రి లేదు. మా పేటలో టైలరు పని చేసే బాబాయి మందిరానికి మైకూ టేపు రికార్డరూ చూసేవాడు. ఆయన దాన్ని క్యాసెట్టులో పట్టాడు. జనం ఏడ్చారు. అమ్మ నన్ను చూసి మురిసిపోయింది.

తర్వాత మిరప కోతలొచ్చాయి. కళ్ళంలో పండు మిరప కొండలా పోసి ఉంటే, ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళం. ఆ ఘాటుకు దగ్గనివాళ్ళు ఉండరు. ముక్కుకు కొంగు కట్టుకున్నా దగ్గే, ఇంటికొచ్చినా దగ్గే. ఆ రోజుల్లో మా పేటలో ఏ ఇంట చూసినా దగ్గులే వినిపించేవి. మా అమ్మ దగ్గు వాటిలో కలిసిపోయింది. నేను పక్కనే కూర్చుని కూడా ఘాటే అనుకున్నాను. అమ్మా ఘాటే అంది. కోతలు అయిపోయి, కళ్ళాలు ఖాళీ అయి, ఊరంతా దగ్గడం మానేశాక ఒక్క మా ఇంట్లో దగ్గు మిగిలింది. అప్పుడు తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒసే అమ్మాయ్, ఆ సూది ఒక్కటి పొడిపించవే, ఊపిరాడటం లేదు" అంది. ఆ తర్వాత చదువుకుని, ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఎన్నో మాటలు మర్చిపోయాను. ఆ మాట మర్చిపోలేదు. దానికి నేనిచ్చిన జవాబూ మర్చిపోలేదు. "అన్నగారిని అడిగొస్తానుండమ్మా" అన్నాను.

అన్నగారు మూడు రోజులు ఉపవాసం ఉండమన్నాడు. రెండో రోజు అమ్మ పోయింది.

మందిరం నుంచి ఒక్కరూ రాలేదు. నయమైందని ఊరూరా చెప్పిన మనిషి శవం దగ్గర నిలబడితే వాళ్ళ మాట ఏమైపోతుంది? మేం అన్నం తినకూడదనుకున్న పాత చర్చివాళ్ళే వచ్చి గుంట తీశారు, పాటలు పాడారు, నాకు అన్నం కలిపి పెట్టారు. అన్నగారు నాలుగో రోజు వచ్చి, "మీ ఇంట్లో ఎక్కడో మందు మీద ఆశ దాగి ఉందమ్మా, అందుకే ఇలా జరిగింది" అన్నాడు. చంపింది చాలక నేరం కూడా మా గుమ్మంలోనే పోశాడు. ఆయన్ని ఆరోజు బయటికి పొమ్మనలేకపోయాను. తల వంచుకుని నిజమేననుకున్నాను. నాకు ఆయన మీద ఎంత కోపమో, ఆ వంచిన తల మీద అంతకు రెట్టింపు కోపం.

ఇదీ పొన్నూరులో ఆ రిక్షా ఎదురయ్యేనాటికి నా పరిస్థితి. మందిరం మానేశాను గానీ నోరు విప్పలేదు. మర్నాడు ఊరికి తిరిగొచ్చి నేరుగా బ్యారన్‌కి వెళ్ళాను.

"అన్నా, ఆ క్యాసెట్టు ఆపించండి. మా అమ్మ చచ్చిపోయింది" అన్నాను.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పిన రోజున అది నిజమేనా, కాదా?"

"ఆ రోజు బాగానే ఉంది. కానీ..."

"అంతే. సాక్ష్యం దేవుడికి ఇచ్చేశావు. ఇచ్చినదాన్ని వెనక్కి అడుగుతారా ఎవరైనా?"

తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకున్నాను. చక్కగా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆయన మీద నాకున్న భయం పోయింది.

టైలరు బాబాయి కూడా అప్పటికి మందిరం మానేశాడు. మా అమ్మ చావుకు వెళ్ళొద్దని మందిరంవాళ్ళు అంటే ఆగిపోయినందుకు తనను తానే క్షమించుకోలేక మానేశాడట. మా గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నీ క్యాసెట్టుకు కాపీలు తీసింది నేనేనమ్మా. ప్రకాశం జిల్లా ఊళ్ళకు కూడా పోయాయి. ఎన్ని తీశానో నాకే గుర్తు లేదు" అని ఏడ్చాడు. ఆయన్ని ఓదార్చే ఓపిక నాకు లేదు. కూర్చోమని మంచినీళ్ళిచ్చాను.

ఆ తర్వాత పది రోజులకు వేటపాలెం నుంచి ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు కొట్టే మనిషి, వేళ్ళకు జీడి రసం నల్లగా పట్టేసి ఉంది. ఎముకల గూడులా ఉంది. రెండు మాటలకొకసారి దగ్గుతోంది. చేతిలో చిన్న పొట్లం.

"మైకులో విన్నానండీ. మీ అమ్మగారిని ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని వచ్చాను. ఇదిగో, ఆమె కోసం జీడిపప్పు ముక్కలు తెచ్చాను. ఏ చేలోకి వెళ్ళారండీ?" అంది.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆసుపత్రి, మాత్రలు, మిరప ఘాటు, ఉపవాసం. ఆమెకూ టీబీయేననీ, నా క్యాసెట్టు విని నెల పైన పది రోజులుగా మందు మానేసిందనీ తెలిసి చేతులు పట్టుకుని బతిమాలాను. "అక్కా, ఇద్దరు ఆడపిల్లలున్నారంటున్నావు. రేపే మొదలుపెట్టు."

ఆమె చేతులు లాగేసుకుంది. "ఇలా అంటారని అన్నగారు ముందే చెప్పారమ్మా. మందిరం విడిచిపోయినవాళ్ళ నోట సాతాను మాట్లాడతాడని చెప్పారు. క్యాసెట్టులో మీ గొంతు ఎంత బాగుందో! ఏమైందమ్మా మీకు?" అని నా మీదే జాలి పడింది. పొట్లం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నా ముందు కూర్చున్న మనిషికి నా నోటి నిజం కంటే నా నోటి అబద్ధమే ఎక్కువైంది. ఇక ఇంట్లో కూర్చుని చెబితే లాభం లేదు. చెప్పిన చోటే, చెప్పిన పద్ధతిలోనే చెప్పాలి.

వేటపాలెం దగ్గర మందిరంవాళ్ళు మహాసభలు పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం నేనూ బాబాయీ వెళ్ళాం. పెద్ద తాటాకు పందిరి, నిండా జనం. ఆడవాళ్ళలో ఆ జీడిపప్పు ఆవిడ కనిపించింది, గుంజకు ఆనుకుని కూర్చుంది. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగ్గానే నేను వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. వేదిక మీదున్న అన్నగారు నన్ను చూసేలోపే, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాను. పందిరంతా వందనాలంది. ఇక ఆయన నేర్పిన కట్టుబాటే ఆయన నోరు కట్టేసింది.

"క్యాసెట్టులో మీరు వినే గొంతు నాది. మా అమ్మకు నయమైందన్నాను. మూడు నెలలు ఆసుపత్రి సూదులు వేయించుకుంది, ఆ ముక్క నేను దాచాను. ఈ అన్నగారు దాచమన్నారు. మందు మానేసింది. చచ్చిపోయింది. నేనే మట్టి వేశాను" అన్నాను.

మైకు ఆగిపోయింది. అన్నగారే తీగ లాగించాడు. ఆత్మను ఆపినట్టు కాదా అని ఆయన్ని అడిగే తీరిక లేదు నాకు. మిరప చేలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టుకు కేకేసేదాన్ని, నాకు మైకెందుకు? అదే గొంతుతో అరిచాను. టైలరు బాబాయి లేచి, "నిజం! ఆ క్యాసెట్టు పట్టింది నేను. ఆ తల్లి చావుకు పోవద్దంటే పోకుండా ఆగిన పాపిని నేను!" అని అరిచాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు.

అప్పుడు అన్నగారు చాలా శాంతంగా క్యాసెట్టు పెట్టించాడు. "ఇదిగో, ఈమె ప్రభువులో ఉన్నప్పటి మాట వినండి. ఇప్పటి మాట ఎవరిదో మీకే తెలుస్తుంది" అన్నాడు. నా గొంతు నాలుగు మైకుల్లోంచి మొదలైంది. కింద నేను, పైన నేను. అది "చేలో పని చేస్తోంది" అంటే నేను "చచ్చిపోయింది" అని అరుస్తున్నాను. దానికి అలుపు లేదు, నాకు గొంతు పోతోంది. జనం నన్ను చూసి చెవులు మూసుకుంటున్నారు. ఓడిపోయాననే అనుకున్నాను.

గుంజ దగ్గర ఆమె లేచింది. జనాన్ని తోసుకుంటూ నా ముందుకొచ్చి నిలబడింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఏమ్మా, మందు ఇప్పుడు మొదలుపెట్టినా పని చేస్తుందా?" అంది.

చేస్తుంది అని ధీమాగా అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అలాంటి ధీమాతోనే ఒకసారి మాట్లాడాను.

"నాకు తెలియదక్కా. డాక్టరే చెప్పాలి. ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరూ ఉండరేమో. రేపు పొద్దున్నే చీరాల వెళదాం, నేను తీసుకెళ్తాను."

ఆమె వేదిక వైపు ఒకసారి చూసి, జీడి పట్టిన నల్లటి వేళ్ళతో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"రేపటిదాకా ఉంటే వీళ్ళు నా మనసు మార్చేస్తారమ్మా. ఇప్పుడే పోదాం పద."