మోటార్లు ఆపించిన ఖాలా

శుక్రవారం పొద్దున మసీదు మైకులో మా బస్తీ ఖాలా పోయిందని చెప్పారు. నేనప్పుడు గడ్డం గీసుకుంటున్నాను. సగం గీసిన గడ్డంతోనే వెళ్ళాను. నన్ను చూసి అక్కడ ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మనిషి తెల్లగుడ్డ కింద పడుకుని ఉంది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమె నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. "నన్ను ఖాలా అంటవేంది అన్నా, అద్దంల నీ నెత్తి చూసుకున్నవా?" అని ఎన్నోసార్లు దెప్పింది. నేను మానలేదు. మా బస్తీలో అది చుట్టరికం కాదు, పదవి. దానికి ఎన్నికల్లేవు, జీతం లేదు, దిగిపోవడమూ లేదు. గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, గుట్ట అవతలి గూడేల నుంచి విస్తరాకులు అమ్ముకోను వచ్చే ఆడవాళ్ళు, అందరికీ ఆమె ఖాలాయే.

ఆమె పని జాకెట్లు కుట్టడం. కొలత టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటి మనిషి భుజాలను కళ్ళతోనే కొలిచేది. నా ఎడమ భుజం కిందికి దిగిందని మొదట చెప్పింది ఆమే. రేడియోలు బాగుచేస్తూ ఏళ్ళ తరబడి ఒక పక్కకు వంగి కూర్చున్న భుజం అది. రేడియోలు పోయాయి, వంపు మిగిలింది. ఆ కాలపు వాల్వు సెట్ల గురించి మొదలుపెడితే ఇది ఇప్పట్లో తెగదు గనుక ఖాలా దగ్గరికే వస్తాను.

మా బస్తీ మణుగూరు బస్సులు పోయే రోడ్డు దగ్గర మొదలై గుట్ట మీదికి ఎక్కుతుంది. పైన చివర్లో నాలుగిళ్ళు, ఆ తర్వాత టేకు చెట్లు. పొద్దున నీళ్ళు వదలగానే కింద ఉన్నవాళ్ళందరం నల్లాలకు మోటార్లు బిగించి లాగేసేవాళ్ళం. అది తప్పని ఎరగని ఇల్లు లేదు, మోటారు లేని ఇల్లూ లేదు. పై నాలుగిళ్ళకు ఇంటి నల్లాలు ఎక్కలేదు. అందరికీ కలిపి ఒకటే వీధి నల్లా. కింద మోటార్లు నడుస్తున్నంతసేపూ అందులో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ నాలుగిళ్ళలో ఒక ఇంట్లో దవాఖానాలో పనిచేసే ఆయమ్మ ఉంటుంది. ఆమె తల్లి మంచం దిగలేదు. డ్యూటీకి పోయేలోపు ఆ ముసలితల్లికి ఒళ్ళు కడిగి, గుడ్డలు పిండి, వండి పెట్టి పోవాలి. ఆ నల్లా ఆలస్యమైతే ఆ ఇంట్లో రోజంతా పాడు.

అందుకని ఖాలా రోజూ నీళ్ళ వేళకు గేటు గేటుకూ తిరిగేది. తిట్టేది కాదు, గొడవపడేది కాదు. గేటు పట్టుకుని నిలబడి మంచీచెడూ అడిగేది. కోడలికి ఎన్నో నెల, అల్లుడికి బొగ్గు బావిలో ఏ షిఫ్టు, మొన్నటి దగ్గు తగ్గిందా. ఆమె అలా నిలబడి ఉండగా మోటారు వేయడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? కబుర్లు అయ్యేసరికి పైన బిందెలు నిండేవి. కొత్తగా మేడ కట్టిన కాంట్రాక్టరు ఒకసారి ఎదురుతిరిగాడు. బిల్లు కట్టేది తాను, నీళ్ళు తనవి అన్నాడు.

"అవ్ బిడ్డా, బిల్లు నువ్వే కడ్తున్నవ్. ఆ ముసలామె ఒంటి మీద పోసే చెంబెడు నీళ్ళు గూడ నీ బిల్లుల ఉన్నయా, జర చూసి చెప్పు" అంది ఖాలా.

అతను లోపలికి పోయి మోటారు ఆపాడు. ఆ నెలలోనే అతని భార్య నాలుగు జాకెట్లు కుట్టడానికి ఇచ్చింది.

రోజూ ఇంటింటికీ తిరగడం ఎందుకు, ఒక్కసారి గట్టిగా చెప్పరాదా అని నేనంటే, "ఆకలి రోజూ అయితది గద అన్నా, రోజూ అడగాలె" అనేది.

కొన్నేళ్ళ కింద మున్సిపాలిటీవాళ్ళు వార్డుకొకరిని బస్తీ పెద్దగా సన్మానించాలనుకున్నారు. మా వార్డు నుంచి ఖాలాను పిలిచారు. తోడుగా నేను వెళ్ళాను. కౌన్సిల్ మీటింగు చూడనివాళ్ళ కోసం ఒక మాట. అక్కడ చెత్త ట్రాక్టరు రిపేరు, వీధి దీపాలు, కుక్కల బెడద, ఇలా వరసగా అంశాలుంటాయి. ఆఫీసు మనిషి వాటిని గుక్క తిప్పుకోకుండా చదువుతాడు. అతను గుక్క తిప్పుకున్న చోట సభ్యులు బల్లలు చరుస్తారు. చరిస్తే ఆమోదం అయినట్టు. సమోసాలు చల్లారకముందే ఊరి బాగోగులన్నీ తేలిపోతాయి. సన్మానం మాత్రం ఆఖర్న పెడతారు, లేకపోతే వచ్చినవాళ్ళు శాలువాలు కప్పుకుని వెళ్ళిపోతారని.

ఈ పద్ధతి ఖాలాకు తెలియదు. ఒకచోట బల్లలు మరీ గట్టిగా మోగాయి. ఆ చప్పుడు తనకేననుకుంది. లేచి, కొంగు సర్దుకుని, చైర్‌పర్సన్ ముందుకు పోయి, శాలువా కోసం తల వంచి నిలబడింది. బల్లలు చరిచే చేతులు ఆగాయి. ఒక అంశానికి అడ్డుగా మనిషి లేవడం ఆ హాలు చాలా కాలంగా చూడలేదు. ఈ అంశం మీద ఏమన్నా చెప్పేదుందా అని చైర్‌పర్సన్ అడిగింది. ఖాలాకు అప్పుడు అర్థమైంది. నా వైపు చూసింది. నేను సమోసా వైపు చూశాను.

"శాలువా కప్పుతరనుకొని లేచిన బిడ్డా" అంది ఖాలా. "లేచిన గద, గదేందో జర నిమ్మళంగ చదివించు."

అందరూ నవ్వారు. ఆఫీసు మనిషి నెమ్మదిగా చదివాడు. ఇంటింటికీ నల్లా ఇచ్చినందున వీధి నల్లాలు తొలగించాలని. ఆ వరసలో మా గుట్ట నల్లా కూడా ఉంది. నవ్వు ఇంకా హాల్లోనే ఉంది, ఖాలా మొహంలో లేదు. మెడలోని టేపు రెండు కొసలూ పట్టుకుంది.

"ఇంటింటికి అంటున్నరు. మా పై నాలుగిండ్లకు రాలే. ఆ ఒక్కటి గూడ తీస్తే ఆయమ్మ వాళ్ళమ్మకు నీళ్ళెట్ల పోస్తది?"

కాగితాల్లో ఇచ్చినట్టే ఉందని ఒక అధికారి అన్నాడు.

"ఉండొచ్చు బిడ్డా. ఒకనాడు పొద్దుగాల రా, చాయ్ పోస్త. చూసి పో."

చైర్‌పర్సన్ ఆ అంశాన్ని వాయిదా వేసింది. తర్వాతి వారం ఇంజనీరు వచ్చి గుట్ట ఎక్కాడు, ఆయాసపడ్డాడు, చాయ్ తాగాడు. మా నల్లాను ఆ వరసలోంచి తీసేశారు. మీటింగు రోజు ఆఖర్న శాలువా మాత్రం ఆమె మెడలోని టేపు మీదనే కప్పారు. ఇంటికొస్తూ దారంతా ఖాలా ఒకటే బాధపడింది. "ఇజ్జత్ పోయిందన్నా. పిలవకముందే పోయి నిలబడ్డ." అప్పటికైతే నల్లా నిలిచింది కదా అని నేనంటే ఆమె చెవికెక్కలేదు. కొన్నాళ్ళు ఆ ఆఫీసు రోడ్డున నడవడమే మానేసి, చుట్టుతిరిగి బజారుకు పోయేది.

ఈ ఏడాది మోకాళ్ళు సహకరించక, గల్లీ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కడి నుంచే అందరి బాగోగులూ అడిగింది. ఆ శుక్రవారమే జుమ్మా నమాజు తర్వాత ఖాలాకు మట్టి ఇచ్చి వచ్చాం.

మర్నాడు నీళ్ళ వేళకు నేను గేటు దగ్గరికి వచ్చాను. ఎందుకొచ్చానో తెలియదు. ఎదురుగా కాంట్రాక్టరు తన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కింటి కోడలు బిడ్డను చంకనేసుకుని నిలబడింది. గల్లీ పొడుగునా ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరు. ఎక్కడా మోటారు చప్పుడు లేదు. పైన బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది. కాసేపటికి ఆయమ్మ మలుపు దగ్గరికి వచ్చింది. బిందె నిండిందని రోజూ అక్కడి నుంచే ఖాలాకు కేకేసేది. నోరు తెరిచింది. కిందికి చూసింది. మా అందరినీ చూసి, ఎవరితో చెప్పాలో తెలియక, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. మేమూ అలాగే నిలబడ్డాం. ఆమె వెనక బిందె పొర్లి, నీళ్ళు రాళ్ళ మీదుగా మెల్లగా మా వైపు దిగివస్తున్నాయి.