పరీక్ష కోసం పంపిన శుభలేఖ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజుల్లోనే, లోకాన్ని దొంగల బారి నుంచి కాపాడడానికే పుట్టానని నా గట్టి నమ్మకం. కంపెనీల కంప్యూటర్లలోకి ఆన్‌లైన్ దొంగలు చొరబడకుండా చూడడం నా ఉద్యోగం. కొత్తగా చేరిన నన్ను బందరు దగ్గర ఓ రొయ్యల కంపెనీకి పంపారు. అక్కడి మేనేజర్ గారిని చిన్నా పెద్దా అందరూ మావయ్య గారనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. అంతకుముందే మరో కంపెనీలో ఎవరో ఒక దొంగ మెసేజ్ తెరిస్తే కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయి, పనంతా ఆగిపోయిందట. "మావాళ్లు అలాంటివి ముట్టుకోరండీ" అన్నారు మావయ్య గారు ధీమాగా. సరే, చూద్దాం అనుకున్నాను.

చూడాలంటే నేనే ఒక దొంగ మెసేజ్ పంపాలి (మా వృత్తిలో ఇది మామూలే). లాటరీ అంటే నవ్వుతారు, బ్యాంకు అంటే జాగ్రత్తపడతారు. మావైపు మనుషులు తెరవకుండా ఉండలేనిది ఒక్కటే, శుభలేఖ. 'నా పెళ్లికి తప్పక రావాలి' అని రాసి కింద లింకు పెట్టాను. వరుడి పేరు ఏం పెట్టాలో తోచక నా పేరే పెట్టేశాను. వధువు పేరు నోటికొచ్చింది రాశాను. కల్యాణ మండపం గుడివాడలో అన్నాను. లింకు నొక్కితే, ఇది పరీక్ష మాత్రమేనని ఇంగ్లీషులో చెప్పే ఎర్రటి పేజీ వస్తుంది.

నేను టిఫిన్ చేసి వచ్చేసరికి కంపెనీలో ఉన్నవాళ్లంతా నొక్కేశారు. అసలు దెబ్బ అది కాదు. ఆ ఎర్ర పేజీని ఎవరూ చదవలేదు. సిగ్నల్ సరిగా లేదనుకుని, "నాకు తెరుచుకోవట్లేదు, నీకేమన్నా వస్తుందేమో చూడు" అంటూ బావలకీ, వదినలకీ, వియ్యంకులకీ పంపేశారు. (శుభలేఖ వచ్చి మనవాళ్లకి చెప్పకపోతే మాటొస్తుంది కదా.) మధ్యాహ్నానికల్లా నా పెళ్లి పెడన నుంచి హంసలదీవి దాకా పాకిపోయింది.

"పెళ్లి కుదిరితే నోటితో చెప్పొద్దాండీ?" అన్నారు మావయ్య గారు నిష్ఠూరంగా.

"అది పరీక్షండీ."

"పెళ్లంటే పరీక్షే లెండి, మాకు తెలీదా?"

ఇంతలో అమ్మ ఫోను. "నీకు పెళ్లంట కదరా. నన్ను కూడా పిలుస్తున్నావా?" అంది. అమ్మకు నచ్చజెబుతుండగానే అవనిగడ్డ నుంచి ఇంకో ఫోను. ఆ మధ్యే అక్కడ పెళ్లిచూపులకు వెళ్లి, ఆ అమ్మాయి తెగ నచ్చి, తాంబూలాల కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. "గుడివాడ సంబంధం ఖాయమైందంట. సంతోషమండీ" అన్నారు వాళ్ల నాన్నగారు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకే నా ప్రాణం పోయింది.

బండి వేసుకుని చల్లపల్లి, మోపిదేవి దాటి ఎలా వెళ్లానో నాకే తెలీదు. ఆయన ముఖం తిప్పుకున్నారు. ఆ అమ్మాయే వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని ఎర్ర పేజీ మొత్తం చదివింది. "ఇది ఉత్తుత్తి శుభలేఖని ఇందులోనే రాసుంది నాన్నా" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే నావైపు తిరిగింది. "ఈ పెళ్లికూతురి పేరు ఎవరిదండీ?"

"ఎవరిదీ కాదండీ. ఊరికే రాశాను."

"ఊరికే రాసేటప్పుడైనా నా పేరు గుర్తుకు రాలేదా?"

ఆ ప్రశ్న ఈ రోజుక్కూడా మా ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. పెళ్లి మాత్రం ఆ అమ్మాయితోనే అయింది.

ఆలోగా ఆ కంపెనీ వాళ్లందరినీ కూర్చోబెట్టి, తెలిసినవాళ్లు పంపినా సరే లింకు ముట్టుకోకూడదని, శుభలేఖలైతే అసలే తెరవకూడదని, గొంతు పోయేలా పాఠం చెప్పాను. ముహూర్తం దగ్గరపడి, ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలిచే తీరిక లేక, నా అసలు శుభలేఖ వాళ్లకు ఫోన్లోనే పంపాను. పెళ్లికి ఒక్కరూ రాలేదు. మనసు ఉండబట్టక మర్నాడు ఫోన్ చేశాను.

"వచ్చిందండీ మీ శుభలేఖ" అన్నారు మావయ్య గారు. "మమ్మల్నేం మోసం చెయ్యలేరు లెండి. నేనే దగ్గరుండి అందరిచేతా తీసేయించాను." ఆ గొంతులోని గర్వం విన్నాక, అది నిజం పెళ్లేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెళ్లి ఫోటోల్లో వాళ్ల కోసం వేయించిన ఖాళీ కుర్చీలు చూసినప్పుడల్లా, అంత చక్కగా పాఠం చెప్పిన నాలోని ఆనాటి కుర్రాడి మీద కాస్త కోపమూ వస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది.