పంపే వరుస

ఎలుమలైకి తండ్రి పంబ నేర్పేటప్పుడు ముందు నేర్పింది పిలిచే వరుస కాదు, పంపే వరుస.

పంబ అంటే జంట డోళ్లు. ఒకటి ఇత్తడిది, ఒకటి చెక్కది. రెండింటినీ కలిపి కట్టి నడుముకు తగిలించుకుని కట్టెలతో వాయిస్తారు. ఆడి కృత్తిక పండగకు తిరుత్తణి సామి కొండ కింద కావడి ఎత్తేవాళ్ల ముందు పంబ నడుస్తుంది. పిలిచే వరుస వాయిస్తే సామి మనిషి మీదికి వస్తాడు, మాట చెబుతాడు. ఆ తర్వాత పంపే వరుస వాయించాలి. అది దూరమవుతున్న అడుగుల్లా తగ్గుతూ తగ్గుతూ పోతుంది. దాన్ని ఎవరూ వినరు. సామి వచ్చిన మనిషికి అప్పుడు ఒళ్లు తెలియదు. మిగతావాళ్లు అప్పటికే కదిలిపోతుంటారు.

"పిల్చినావంటే నువ్వే పంపల్ల," అనేవాడు తండ్రి. "నడిమధ్యలో కట్టె కిందబెట్టినావా, ఆ మనిషి ఆడనే నిలిచిపోతాది. ఇంటికీ రాదు, కొండకీ పోదు."

ఆ మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఎలుమలై అక్క, అలిమేలమ్మ.

చిన్నతనంలో ఆమెకు జ్వరం వచ్చి మాట పడిపోయింది. తండ్రి పక్కన కూర్చుని పంబ వాయించాడు. సామి వచ్చాడు. మాట వచ్చింది. అప్పటినుంచి ఏటా ఆమె పూల కావడి ఎత్తుతుంది. పెళ్లయి అత్తిమంజేరిపేట పోయింది. అక్కడ చెరకు తోటల్లో కూలి. భర్త ముందు, అత్త ముందు, మేస్త్రీ ముందు నోరెత్తని మనిషి. ఆడి కృత్తిక పూట మాత్రం ఆమె మాట కోసం జనం ఎండలో నిలబడేవాళ్లు. కూలివాళ్ల నీళ్లకుండను మేస్త్రీ ఎండలో పెట్టించేవాడు. ఒక ఏడు సామి ఆమె నోట అతణ్ణి పేరు పెట్టి పిలిచి, ఆ కుండ నీడకు చేర్చమన్నాడు. మర్నాటినుంచి కుండ వేపచెట్టు కింద ఉంది. అలిమేలమ్మకు ఏడాదికి ఆ ఒక్క పూట ఉండేది.

తండ్రి పోయాక పంబ ఎలుమలైకి వచ్చింది. మిగతా రోజుల్లో అతడు తిరుత్తణిలో ఇళ్లకు పెయింటు వేసేవాడు. పని ఉన్న రోజున నిచ్చెన మీద, లేని రోజున టీ అంగడి బెంచీ మీద. ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఆనందరాజ్‌ది తిరువళ్లూరు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో షిఫ్టు పని, ఆదివారం చర్చిలో బాస్ గిటారు. చెల్లెలు షర్మిల కీబోర్డు వాయిస్తుంది. వాళ్ల స్నేహితుడు ముకేశ్ డ్రమ్స్. ముగ్గురూ పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించేవాళ్లు. ఇంట్లో వినేది జాజ్. కష్టపడి నేర్చుకున్న కొన్ని జాజ్ ముక్కల్ని భోజనాల వేళ, ఎవరూ స్టేజీ వైపు చూడని సమయంలో వాయించుకునేవాళ్లు. తాము రోజూ ఎక్కే రైలు పేరే బ్యాండుకు పెట్టుకున్నారు. అరక్కోణం లోకల్.

ఒక ఆడి కృత్తికకు ముకేశ్ మొక్కు తీర్చుకోవడానికి కావడి ఎత్తాడు. అతనికి తోడుగా వచ్చిన ఆనందరాజ్ ఎలుమలై పంబ పక్కన నిలబడిపోయాడు. జనం కొండెక్కారు. అతడు ఎక్కలేదు. అలిమేలమ్మను సామి విడిచి, ఆమె గోడ నీడన పడుకుని నిద్రపోయేదాకా అక్కడే ఉన్నాడు. ప్రతి ఏడూ ఆమె అలాగే నిద్రపోయేది, అన్నీ ఇచ్చేసిన మనిషిలా.

"అన్నా, మాతో వాయిస్తావా?" అని అడిగాడు.

"మీరు మాతాకోయిలోళ్లు గదా. ఆడ పంబ వాయిస్తే ఫాదరు నిన్నూ నన్నూ కలిపి తరుముతాడు."

"కోయిల్లో గాదన్నా. మా షెడ్డులో."

"షెడ్డులో ఎవురు వింటారు?"

"ఇప్పుడు పెండ్లిండ్లలో మాత్రం మమ్మల్ని ఎవురు వింటా ఉండారు?"

ఎలుమలై నవ్వాడు. ఆ వారమే రైలెక్కాడు.

షెడ్డు పట్టాల పక్కన ఉండేది. రైలు వచ్చినప్పుడు రేకులు అదిరేవి. వాయించడం ఆపి, అది పోయేదాకా నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఎలుమలైకి లెక్క తెలియదు. ఎక్కడ అందుకోవాలో తెలిసేది కాదు.

"అన్నా, ఒకటి యాడ పడతాదో చూసుకో," అంది షర్మిల.

"ఒకటి యాడుంటాదమ్మా? మా నాయన నాకు ఒకటీ రెండూ జూపించలేదు. నేరుగా నీళ్లలోకి తోసినాడు."

"సరి ప్పా. నేను గడ్డం ఎత్తినప్పుడు రా. అంతే."

అప్పటినుంచి ప్రతి స్టేజీ మీదా అతడు షర్మిల గడ్డం చూస్తూ వాయించాడు. చూసేవాళ్లు అతడు ధ్యానంలో ఉన్నాడనుకున్నారు.

ఆ రోజులు అతనికి నచ్చాయి. బాస్ గిటారు మోగితే కడుపు లోపలినుంచి ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. అతడు కొట్టిన దెబ్బను ముకేశ్ అందుకుని కొంచెం మార్చి తిరిగి ఇచ్చేవాడు. దాన్ని ఎలుమలై మరోలా ఇచ్చేవాడు. అంతవరకు అతడు పిలిస్తే సామి వచ్చేవాడు. ఇక్కడ పిలిస్తే మనుషులు బదులిచ్చారు. ఇంటికి పోయే రైల్లో తొడ మీద వేళ్లు వాటంతట అవే కదిలేవి.

పిలిచే వరుస చుట్టూ ఆనందరాజ్ ఒక ముక్క కట్టాడు. పేరు 'కొండ'. మొదట పంబ ఒక్కటే. తర్వాత బాస్, తర్వాత కీబోర్డు, చివరికి అందరూ. పైకి, ఇంకా పైకి. ఆ పైన ఎలుమలై ఒక్కడే పంపే వరుస వాయించి ముగించేవాడు. ఒక కాలేజీలో వాయించారు. తర్వాత చెన్నైలో చిన్న హాలులో. పైకి పోయేంతసేపు జనం ఊపిరి బిగపట్టుకుని వినేవాళ్లు. పంపే వరుస మొదలవగానే చప్పట్లు కొట్టి లేచేవాళ్లు. అతడు వాయిస్తూనే ఉండేవాడు. కుర్చీల చప్పుడులో అది వినపడేది కాదు.

ఒక సాయంత్రం షెడ్డులో ఆనందరాజ్ గిటారు తీగలు తుడుస్తూ అన్నాడు. "అన్నా, ఒగ మాట. కొండ ఎక్కినాక ఆడనే ఆపేస్తే?"

"పంపకుండానా?"

"పైన ఉన్నప్పుడే టక్కని నిలిపేద్దాం. లైట్లు ఆపేస్తారు. అందరూ చీకట్లో ఉంటారు."

"పిల్చినోడే పంపల్ల, తమ్ముడా. మా నాయన మాట అది."

"ఆడ ఎవురి మీదికీ రాలేదు గదన్నా. రానోణ్ణి ఎట్లా పంపేది?"

ఎలుమలై ఆలోచించాడు. ఆ మాటలో తప్పు కనపడలేదు. రైలు వచ్చింది. అది పోయేదాకా అందరూ ఆగారు. "సరి," అన్నాడు తర్వాత.

ఆ మార్పుతోనే బ్యాండు పైకి వచ్చింది. దెబ్బ తెగిన చోట హాలంతా ఒక క్షణం నిలిచిపోయి, తర్వాత ఒక్కసారిగా అరిచేది. ఎవరో ఫోనులో తీశారు. ఆ వీడియో చాలామంది చూశారు. బెంగళూరు పిలిచింది, కొచ్చి పిలిచింది. ఆనందరాజ్ ఫ్యాక్టరీ మానేశాడు. ఎలుమలై నిచ్చెనను పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు.

మొదట్లో కచేరి అయ్యాక అతడు స్టేజీ వెనక గదిలో ఒక మూలకు పోయి, పంబ పెట్టె మూత మీద వేళ్లతో పంపే వరుస వాయించేవాడు. చివరిదాకా.

"ఏమన్నా, సామి ఇంగా టికెట్టు తీయలేదా?" అనేవాడు ముకేశ్, చెమట తుడుచుకుంటూ.

"క్యూలో ఉండాడప్పా. నువ్వు జరుగు."

తర్వాత అందరూ నవ్వుతారని వ్యానులో, తొడ మీద వాయించేవాడు. ఒక రోజు వ్యానులో నిద్ర పట్టేసింది. మర్నాడు రైల్లో గుర్తొచ్చింది. వేళ్లు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. వాయించలేదు. ఏమీ కాలేదు. ఆ తర్వాత గుర్తు రావడం కూడా తగ్గింది.

ఒకసారి అక్కను చూడటానికి అత్తిమంజేరిపేట పోయాడు. అలిమేలమ్మ అప్పటికే పక్కింటి పిల్ల తనుశ్రీ ఫోనులో 'కొండ' చూసి ఉంది.

"అది నడిమధ్యలో ఆగిపోయిందే, నాయినా. ఫోను చెడిందేమోనని ఆ పిల్లను తిట్టినా."

"ల్యాక్కా. ఆడిదాకానే అది."

"అంతేనా?" అలిమేలమ్మ కుడిచెయ్యి రుద్దుకుంది. "మొదట విన్నప్పుడు చెయ్యి అదిరిందిరా. పొద్దుగూకేదాకా అదరతానే ఉన్నింది. నిలిపేవాళ్లు ల్యా."

ఎలుమలై ఆ చెయ్యి వైపు చూశాడు. "ఇంగ వినొద్దక్కా."

"ఎట్లా వినకుండా ఉండేది? నా తమ్ముడు గదా వాయించేది. వచ్చినోళ్లకంతా చూపిస్తా ఉండా. ఇప్పుడేం అదరడంల్యా. అలవాటయిపోయింది."

ఆమె సంతోషంగానే చెప్పింది. అతడు తల ఊపాడు. తినమంటే తిన్నాడు.

బ్యాండు మారుతూ వచ్చింది. చెన్నైనుంచి ఒక సాక్సఫోన్ మనిషి చేరాడు. ముక్కలు పొడుగయ్యాయి, లెక్కలు కష్టమయ్యాయి. షర్మిల ఇప్పుడు ట్యాబు తెర మీద స్వరాలు చూసి వాయించేది. గడ్డం ఎత్తడం మరిచిపోయేది. ఎలుమలైకి చివర ఒక్క 'కొండ' మిగిలింది. మిగిలిన సేపంతా స్టేజీ పక్కన నల్లచొక్కాతో కూర్చునేవాడు. ఎవరూ పొమ్మనలేదు. మర్యాదగానే చూశారు. కుర్చీ వేసేవాళ్లు, నీళ్లిచ్చేవాళ్లు.

ఒక ఏడు ఆడి కృత్తిక నాడే ముంబైలో కచేరి పడింది. అతడు ఫోన్ చేసి చెప్పాడు.

"పో నాయినా," అంది అలిమేలమ్మ. "సామి యాడికి పోతాడు? కొండ మీదనే గదా ఉండేది."

ఇంకొకరి పంబకు ఆమె కావడి ఎత్తలేదు. ఆ ఏడు మాట కోసం ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. పంట కోతల నాటికి మేస్త్రీ నీళ్లకుండను మళ్లీ ఎండలో పెట్టించాడు. చెట్టు కింద తన మోటారు సైకిలు నిలుపుకున్నాడు. ఈ సంగతి ఆమె తమ్ముడికి పొంగలి రోజుల్లో చెప్పింది, ఎవరి గురించో చెప్పినట్టు.

"వచ్చే ఏడు మాత్రం నువ్వు రావల్లరా," అంది చివర.

అతడు వచ్చాడు. ఆ తేదీకి ఉన్న కచేరి వదులుకుని వచ్చాడు. "పంబ మాత్రం ముందే రికార్డు చేసి ఇచ్చిపో అన్నా," అన్నాడు ఆనందరాజ్. అదీ ఇచ్చి వచ్చాడు.

కొండ కింద వీధిలో ఎండ కాస్తోంది. పసుపు నీళ్లు పోసిన నేల మీద కొబ్బరి చిప్పలు పడి ఉన్నాయి. అలిమేలమ్మ పసుపు చీరలో, భుజాన పూల కావడితో కళ్లు మూసుకుని నిలబడింది. చుట్టూ ఊరి జనం. మాట అడగడానికి వచ్చినవాళ్లు ముందు వరుసలో ఉన్నారు. మేస్త్రీ కూడా భార్యతో వచ్చాడు.

ఎలుమలై పిలిచే వరుస ఎత్తుకున్నాడు. చేతులు బాగానే నడిచాయి. ఇన్నేళ్ల స్టేజీల వల్ల ఎప్పటికంటే వేగంగా, శుభ్రంగా పడింది దెబ్బ. వీధి చివర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పైకి, ఇంకా పైకి. అలిమేలమ్మ భుజం కొంచెం కదిలినట్టు అనిపించింది. ఇంకొక్క ఊపు చాలు అనుకున్నాడు.

అతని చేతులు ఆగిపోయాయి.

అతడు ఆపలేదు. అవే ఆగాయి, అలవాటైన చోట, టక్కని. వీధి ఒక క్షణం నిలిచింది. లైట్లు ఆరలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఎండలో ఒకరికొకరు కనపడుతూ ఉన్నారు.

"ఏమప్పా, కట్టె విరిగిందా?" అన్నారు ఎవరో వెనకనుంచి.

మళ్లీ మొదలుపెట్టాడు. అదే చోటికి వచ్చేసరికి చేతులు తడబడ్డాయి. బలవంతంగా దాటించాడు. దాటాక వచ్చింది ఒట్టి చప్పుడు. అలిమేలమ్మ కళ్లు తెరిచింది. తమ్ముడి ముఖం చూసింది. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. చాలాసేపు చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది.

తర్వాత ఊగడం మొదలుపెట్టింది.

సామి వచ్చాడని జనం "అరోగరా" అని జే కొట్టారు. ఆమె జుట్టు ముడి వీడింది, తల తిరిగింది. ఎలుమలై వాయిస్తూ ఆమె పాదాలు చూశాడు. నిజంగా వచ్చిన ఏడు ఆమె చిప్పలనీ రాళ్లనీ తొక్కుకుంటూ ఆడేది. సాయంత్రం అతడే పాదాలు కడిగి పసుపు పెట్టేవాడు. ఈరోజు ఆమె పాదం ఒక చిప్ప దగ్గరికి వచ్చి, లేచి, పక్కన ఆనింది.

ఒక పిల్లవాడి నుదుట విభూతి పెట్టింది. కోడలి గురించి అడిగిన ఒకామెకు ఏదో చెప్పింది. తర్వాత మేస్త్రీని పేరు పెట్టి పిలిచింది.

"నీళ్లకుండ నీడకు పెట్టు."

ఆ గొంతు సామిది కాదు. తిన్నావా అని తమ్ముణ్ణి అడిగే గొంతు అది. మేస్త్రీ చేతులు జోడించాడు. తల మాత్రం వంచలేదు.

ఎలుమలై పంపే వరుస ఎత్తుకున్నాడు. ఎన్నేళ్లుగానో వాయించనిది. ఒక్క దెబ్బ మరవలేదు. జనం కొండవైపు కదిలారు. మేస్త్రీ భార్య వెనక్కి తిరిగి ఒకసారి చూసి వెళ్లింది. వీధిలో ఇద్దరే మిగిలారు. అతడు దేన్నీ కుదించలేదు. ఒక్కొక్క అడుగూ దూరమయ్యేదాకా వాయించాడు. ఆమె కావడితో అలాగే, అది ముగిసేదాకా నిలబడింది.

"సామి కొండెక్కినాడా?" అంది, ఏటా అడిగినట్టే.

"ఎక్కినాడక్కా."

ఆమె కావడి దించి గోడ నీడన కూర్చుంది. అతడు పక్కనే పంబ దించాడు. ఏటా ఈ పాటికి ఆమె నిద్రలో ఉండేది. ఇప్పుడు మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని, మెట్లెక్కుతున్న జనాన్ని చూస్తూ మెలకువగా ఉంది.